మస్తాన్ షెడ్డుకు మూడు బోర్డులు

1970లో తెనాలి స్టేషన్ రోడ్డులో నాకొక బోర్డుల దుకాణం ఉండేది. దుకాణమంటే పెద్దగా ఊహించుకోవద్దు. ముందు తడిక, పైన రేకులు, మధ్యలో నేనూ నా రంగు డబ్బాలూ. బట్టల కొట్లకీ, మందుల షాపులకీ, హోటళ్లకీ బోర్డులు రాసేవాణ్ణి. నా చేతి అక్షరం నిండుగా ఉంటుందని ఊళ్లో పేరుండేది. ఆ పేరు నా చెవిన కూడా పడేది కాబట్టి కాస్త పొగరు కూడా ఉండేది. అప్పటికి నాకు ముప్పై నిండలేదు.

ఇప్పటి పిల్లలు లోగో అంటున్నదాన్ని మేం మార్కు అనేవాళ్లం. బోర్డు మీద పేరు చదవాలంటే మనిషి ఒక్క క్షణమైనా ఆగాలి. మార్కుకు ఆ అవసరం ఉండకూడదు. సైకిలు మీద పోతూ పక్కకి చూసినా ఇది ఫలానా కొట్టు అని తెలిసిపోవాలి. ముందు కాగితం మీద లేఅవుట్ గీస్తాం, అంటే ఏది ఎక్కడ, ఎంత పెద్దగా రావాలో చూపించే నమూనా. దాని గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కాగితాన్ని రేకు మీద పరిచి, నీలిమందు పొడి కట్టిన గుడ్డమూటతో అద్దుతాం. కాగితం తీస్తే రేకు మీద చుక్కలు మిగులుతాయి. వాటిని పట్టుకుని ఎనామెల్ రంగు వేసుకుపోవడమే. చెయ్యి తిరిగినవాడికి ఇదంతా సులువే. ఏ బొమ్మ గియ్యాలన్నదే అసలు తలనొప్పి. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు.

ఆ ఏడాది వానలు మొదలైన రోజుల్లో మస్తాన్ వలి గారు నా దుకాణానికి వచ్చారు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. రేపల్లెలో ఒక మిల్లు యజమాని దగ్గర పదకొండేళ్లు అంబాసిడర్ కారు నడిపారట. డ్రైవరు చొక్కా అంత తెల్లగా ఉండటం నేనెక్కడా చూడలేదు.

"కారు నడపటం కంటే దాన్ని తుడవటమే ఇష్టమండి నాకు," అన్నారు కొంచెం సిగ్గుపడుతూ. "అందుకని ఉద్యోగం మానేసి అంగలకుదురు రోడ్డులో షెడ్డు తీసుకున్నా. కార్లు కడిగి, పాలిష్ పట్టి, లోపల సీట్లూ అద్దాలూ అన్నీ కొత్తవాటిలా చేసి ఇస్తానండి. రిపేర్లు చెయ్యను. ఇదొక్కటే పని."

ఇప్పుడు దాన్ని డీటెయిలింగ్ అంటున్నారు. ఆ రోజుల్లో కారు తుడవడానికి ఒక షాపు అంటే నాకు నవ్వొచ్చింది. కారున్న ప్రతివాడికీ బకెట్టు నీళ్లు కొట్టే క్లీనరు ఉండనే ఉంటాడు కదా. ఆ మాటే అడిగేశాను.

"మా యజమానిగారూ అదే అన్నారండి," అన్నారాయన. "కానీ కోప్పడలేదు. దసరా దాకా నీ సీటు ఖాళీగానే ఉంచుతా, మా బావమరిది నడుపుతాడులే, షెడ్డు నిలబడకపోతే సిగ్గుపడకుండా వచ్చి స్టీరింగు పట్టుకో, దసరా దాటితే మాత్రం కొత్తవాణ్ణి పెట్టుకుంటా అన్నారు."

"మంచి మనిషే కదండీ!"

"మంచోరే. అందుకే భయమండి. తిట్టి పంపుంటే వెనక్కి చూసేవాణ్ణి కాదు."

ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది. దసరాకి ఆయుధపూజ అని బండి ఉన్న ప్రతివాడూ బండిని కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, దండ వేస్తాడు. ఆ లోపల నలుగురికీ షెడ్డు సంగతి తెలిస్తే ఆయన నిలబడతాడు. లేదంటే మళ్లీ రేపల్లె బండెక్కాలి. నా బోర్డు మీద అంత భారం ఉందన్నమాట.

నా శక్తంతా పెట్టి గీశాను. నీలం నేల మీద తెల్లటి అంబాసిడర్, దాని చుట్టూ పసుపురంగు కిరణాలు, కింద 'మస్తాన్ కార్ పాలిష్ వర్క్స్'. కారు టైరు మీద గాట్లు కూడా విడివిడిగా కనిపించేలా వేశాను. రోడ్డున పోయేవాళ్లు ఆగి మరీ చూశారు. నేను ఎదురుగా బడ్డీకొట్టు దగ్గర సోడా తాగుతూ, వాళ్లు చూస్తుంటే చూశాను.

రెండు వారాలకి మస్తాన్ గారు మళ్లీ కనిపించారు.

"బోర్డు చూసి జనం వస్తన్నారండి."

"చాలా సంతోషం!"

"పెళ్లికి కారు కావాలని వస్తన్నారండి."

శ్రావణమాసం పెళ్లిళ్లు జోరుగా ఉన్న రోజులు. బోర్డు మీద కారు బొమ్మ ఉందంటే అది టాక్సీ అనే అర్థం. కింద నేను ఎంత నిండుగా రాసినా అక్షరాల దాకా ఎవరూ పోలేదు. ఒక పెళ్లికొడుకు మేనమామైతే షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని లేవనన్నాడట. "బోర్డు మీద అంత కారు పెట్టుకుని కారు లేదంటావేంటయ్యా? వేరే పెళ్లివాళ్లకి ఒప్పుకుని ఉంటే ఆ మాటే చెప్పరాదూ!" అని గంటసేపు తగువు పెట్టుకున్నాడట. చివరికి మస్తాన్ గారే స్టాండు దాకా నడిచి వెళ్లి ఆయనకి టాక్సీ మాట్లాడి పెట్టారు.

నా తప్పు నాకు తెలిసింది. కానీ సగమే తెలిసింది. కారు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. ఆ బోర్డుకి మొత్తం పూత వేసి, ఈసారి బకెట్టు, బ్రష్షు, నురగ గీశాను. తుడిచే పని కదా, తుడిచే సామాను పెట్టాను. ఇక తిరుగుండదని ఆయనకి ధైర్యం కూడా చెప్పాను.

భాద్రపదం వచ్చింది. పండక్కి ఇళ్లకు వెల్ల వేయించుకునే రోజులు. షెడ్డు ముందు వరసగా మనుషులు ఆగారు. "రెండు గదులూ వసారా అండి. రెండు పూతలు పడాలి. నిచ్చెన మీదేనా, మేం చూడాలా?" అని అడిగారు. బకెట్టూ బ్రష్షూ ఉంటే వాళ్లు మాత్రం ఏమనుకుంటారు!

ఈసారి మస్తాన్ గారు వచ్చినప్పుడు కోప్పడితే బాగుండేది. ఆయన మెల్లగా అన్నారు: "బొమ్మ తీసేసి ఉత్త పేరు రాసెయ్యండి, ఆర్టిస్టు గారూ. దసరాకి నెల కూడా లేదు. ఎందుకైనా మంచిదని రేపల్లె కబురు పెడదామనుకుంటన్నా."

ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. పదకొండేళ్ల ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషిని నా పొగరు వెనక్కి పంపించేస్తోంది. "కబురు పెట్టకండి. ఒక్క నాలుగు రోజులు ఆగండి," అన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు. మర్నాడు పొద్దున్నే దుకాణం మూసి షెడ్డుకి వెళ్లాను.

షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. మస్తాన్ గారి భార్య ఖాసింబీ నన్ను చూసి టీ అయితే ఇచ్చింది గానీ మొహం మాత్రం చిటపటలాడుతూనే ఉంది.

"ఏమీ అనుకోమాక అన్నా," అంది. "నువ్వేసిన బొమ్మలు రెండూ బాగానే ఉన్నాయి. మా ఆయన చేసే పనే వాటిలో లేదు. ఆయన పని చేస్తంటే నువ్వెప్పుడన్నా చూశావా?"

చూడలేదు. పదేళ్లుగా బోర్డులు రాస్తున్నాను, బట్టలకొట్టుకి బట్టల తాను గీశాను, హోటలుకి ఇడ్లీ పళ్లెం గీశాను. ఎవరి పనీ కూర్చుని చూసిన పాపాన పోలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. స్టూలు ఒక మూలకి లాక్కుని, ఆ రోజంతా అక్కడే కూర్చున్నాను.

ఆయన్ని ముందే ఎరిగిన ఇద్దరు ముగ్గురు మాత్రం షెడ్డుకి వస్తుండేవాళ్లు. ఆ రోజు బాపట్ల నుంచి ఒక డాక్టరుగారి కారు వచ్చింది. మస్తాన్ గారు దాన్ని వెంటనే తుడవలేదు. పైనుంచి మెల్లగా నీళ్లు వదిలారు.

"దుమ్ము మీద గుడ్డ పెడితే ఇసక గీతలు పడతాయండి. ముందు అదంతట అది జారిపోవాలి," అని చెప్పారు.

కడగడానికి బట్టల సోడా వాడరు, రంగు చచ్చిపోతుందట. కుంకుడుకాయ నురగతోనే కడుగుతారు. ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, అంటే పాత రంగు మీది మసకని అరగదీసే మెత్తటి ముద్ద. దాన్ని చిన్న చిన్న సున్నాలుగా రుద్దుకుంటూ పోయారు. దాని మీద మైనం పాలిష్. చివర్న, ఉతికి ఉతికి వెన్నలా అయిన పాత పంచె ముక్క. కొత్త గుడ్డ ఆయన ముట్టుకోరు. మధ్యాహ్నం అన్నానికి లేవమని ఖాసింబీ మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ "వస్తన్నా" అన్నారు గానీ లేవలేదు.

సాయంత్రం డాక్టరుగారు కారు కోసం వచ్చారు. తొందరగా వెళ్లాలంటూనే వచ్చారు. కారు తలుపు మీద చెయ్యి వేయబోయిన మనిషి టక్కున ఆగారు. అటూ ఇటూ చూసి, కొంచెం వంగి, జేబులోంచి దువ్వెన తీసి, ఆ కారు మెరుపులో చూసుకుంటూ పాపిడి సరిచేసుకున్నారు. తర్వాత మా వైపు చూసి, ఏమీ ఎరగనట్టు కారెక్కి వెళ్లిపోయారు.

ఆయన తర్వాత, ముందు రోజు ఇచ్చిపోయిన తన కారు కోసం ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. వాడు బానెట్టు మీదికి వంగి మీసం దువ్వుకున్నాడు. నేను మూలన కూర్చుని పగలబడి నవ్వాను.

"ఇలా అందరూ చేస్తారా?" అని మస్తాన్ గారిని అడిగాను.

"అందరూనండి. చేసినట్టు వాళ్లకే తెలవదు. నేను గుడ్డ ఉతుక్కుంటన్నట్టు అటు తిరుగుతా, వాళ్లు సిగ్గుపడతారని."

ఈ మనిషి పని ఫలితం ఇదే కదా! కారు కాదు, బకెట్టు కాదు. అక్కడికక్కడే లేఅవుట్ గీశాను. అంబాసిడర్ ముందుభాగం గుండ్రంగా, ఒక పక్కగా మాత్రమే. దానిముందు దువ్వెన పట్టుకుని వంగిన మనిషి. బానెట్టులో అదే మొహం తలకిందులుగా. రెండే రంగులు, నలుపూ తెలుపూ. సన్నగీతలు ఒక్కటీ లేవు. మార్కు సంగతి తేల్చుకోవాలంటే దూరంగా నిలబడి కళ్లు సగం మూసి చూడాలి. అప్పుడు కూడా బొమ్మ చెదరకూడదు. మస్తాన్ గారిని రోడ్డు అవతల నిలబెట్టి చూపించాను.

"బాగుందండి," అన్నారాయన. "కానీ ఇప్పుడు క్షవరానికి వస్తారేమో."

ఖాసింబీ గుమ్మంలోంచి ఒక్కటే నవ్వు. నేను ఉడుక్కున్నాను గానీ ఆయన అన్నది నిజం. దువ్వెన కారు కంటే ముందు కంట్లో పడుతోంది. ఇంటికెళ్లి మర్నాడు మళ్లీ గీశాను. ఈసారి హెడ్‌లైటు పెద్దది చేసి ముందుకి తెచ్చాను, దువ్వెన చిన్నదైంది. హెడ్‌లైటు ఉన్న మంగలికొట్టు ఎక్కడా ఉండదు కదా. మూడోరోజుకి బోర్డు ఎక్కింది.

ముందు నవ్వింది స్టేషను దగ్గర టాక్సీ డ్రైవర్లు. "ఇది నువ్వేరా," "కాదు, నీ మొహమే," అని ఒకణ్ణొకడు ఏడిపించుకున్నారు. ఆ ఏడిపించుకోవడంలోనే ఒకడు కారు తీసుకెళ్లాడు. వాడి కారు మెరుపు చూసి ఇంకొకడు వెళ్లాడు. పది రోజుల్లో ఆ షెడ్డుకి దువ్వెన షెడ్డు అని పేరు పడిపోయింది. నేను కష్టపడి రాసిన 'మస్తాన్ కార్ పాలిష్ వర్క్స్' ఎవరి నోటా రాలేదు. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. మస్తాన్ గారికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. "పేరేదైతే ఏంటండీ, అడ్రస్సు నాదే కదా," అన్నారు.

ఆయుధపూజకి ముందు రోజు నేను ఊరికే చూసిపోదామని వెళ్లాను. షెడ్డు ముందు రోడ్డు పక్కన ఆరు కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. మస్తాన్ గారు చొక్కా చేతులు మడిచి పనిలో ఉన్నారు. ఖాసింబీ కొంగు బిగించి అద్దాలు తుడుస్తోంది. అప్పుడే రేపల్లె వైపు నుంచి ఒక అంబాసిడర్ వచ్చి వరస చివర ఆగింది. దాన్ని చూడగానే మస్తాన్ గారి చెయ్యి ఆగిపోయింది.

మిల్లు యజమాని కారు దిగారు. భారీ మనిషి, నెమ్మదైన నడక. వరసలో ఉన్న కార్లని ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చారు. బోర్డు ముందు ఆగి కాసేపు నవ్వుకున్నారు. మస్తాన్ గారు చేతులు తుడుచుకుని ఎదురెళ్లారు.

"మస్తానూ, ఇవ్వాళ అవుద్దా? రేపు పూజ," అన్నారు యజమాని.

"మీ కారు ముందు చేస్తానండి. ఎంత పనండి!"

"వద్దు వద్దు. వరసలోనే కానివ్వు."

తర్వాత వెనక్కి తిరిగి, స్టీరింగు దగ్గర కూర్చున్న కుర్రవాణ్ణి చేత్తో పిలిచారు. కుర్రవాడు దిగి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇతను మా కొత్త డ్రైవరు," అన్నారు. "మొన్ననే పెట్టుకున్నా. దసరా దాకా ఆగక్కర్లేదని మా బావమరిది వచ్చి చూసి చెప్పాడు. కారు ఎట్లా చూసుకోవాలో కాస్త నేర్పు."

మస్తాన్ గారు ఆ కుర్రవాడి వంక చూస్తూ ఉండిపోయారు. పదకొండేళ్లు తను కూర్చున్న సీటు పోయింది. ఇక వెనక్కి దారి లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం మాత్రం పెళ్లికొడుకు మొహంలా ఉంది. ఖాసింబీ అద్దం తుడవడం మానేసి, "యజమానిగారికి టీ పెడతా," అంటూ లోపలికి పరుగెత్తింది.

ఆ దసరా నుంచి మార్కు కావాలని ఎవరొచ్చినా నేను వాళ్ల సరుకేమిటని అడగలేదు. ఒక రోజంతా మీ కొట్లో కూర్చోనిస్తారా అని అడిగేవాణ్ణి. కొందరు నాకు పిచ్చి అనుకుని వేరేవాళ్ల దగ్గరికి పోయారు, పోనీ అనుకున్నాను. కూర్చోనిచ్చినవాళ్ల దగ్గర మాత్రం అమ్మేవాడి చేతుల్ని చూడటం మానేసి, కొనుక్కుని గుమ్మం దిగే మనిషి మొహం చూడటం మొదలుపెట్టాను. ఆ పూజ ముందు రోజు మస్తాన్ గారు ఒక పాత పంచెముక్క ఆ కుర్రవాడి చేతికిచ్చి, "దుమ్ము మీద మాత్రం ఎప్పుడూ పెట్టమాకు బాబూ," అనడం విని, నేను చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.