మడుగు తాబేలు, ఏటి తాబేలు

తొలకరికి తడిసిన ఒండ్రుమట్టి వాసన ఈ పొద్దున కిటికీలోంచి రాగానే రాజమహేంద్రవరంలోని ఈ గది మాయమై, పదేళ్ళ పిల్లగా నేను పరుగులు తీసిన మా లంక కళ్ళముందు నిలిచింది. గోదావరి రెండు పాయల నడుమ ఊరు మాది. వేసవిలో తాటిముంజలు, వరదల్లో పులస పులుసు, చలికాలంలో కాల్చిన తేగలు, ఏడాదంతా ఒంటికి అంటుకుని ఉండే ఇసుక. ఊరికి పడమట ఒక మడుగు ఉండేది. మా తాతల తాతలు పుట్టకముందే నది పక్కకు జరిగిపోతూ వదిలేసిన నీరది. చుట్టూ ఎత్తైన మెరక; ఎంత వరదొచ్చినా దాన్ని దాటేది కాదు.

మా మేనత్త వెంకాయమ్మ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. రోజూ పొద్దున్నే ఆ మడుగు ఒడ్డున అంట్లు తోముతూ తాబేళ్ళనే చూస్తూ ఉండేది.

"ఏటి తాబేలు వీపు అట్లపెనంలా చదునే. మడుగుది బోర్లించిన గిన్నె. జాతి ఒకటే, పొట్ట మీద పసుపు మచ్చలూ అవే. తరతరాలు విడిగా బతికితే రూపు మారదేంటే?" అనేది నాతో.

మడుగు తాబేళ్ళను ఎవరూ ముట్టకూడదని ఊరి కట్టుబాటు. ఒక ఎండాకాలం, చేపలు పట్టుకుని బతికే పోలయ్య బుట్టలో తాబేలు కనబడింది. మడుగులోంచి దొంగిలించాడని వల లాక్కున్నారు. మునసబు గారు మడుగు గట్టు మీదే పంచాయతీ పెట్టి, లంక విడిచి పొమ్మన్నారు.

"ఏట్లో వలకి చిక్కిందండి బాబూ! మడుగు కేసే రాలేదండి!" అని పోలయ్య మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

అప్పుడు అత్త ముందుకొచ్చింది. "మునసబు గారూ, కాస్త ఆగండి" అంది. వితంతువు మగవాళ్ళ నడుమ నోరు విప్పడం ఆ రోజుల్లో ఎరగని మాట. మా నాన్న ముఖం నల్లబడింది. ఆవిడ అటు చూడనైనా లేదు. చీర ఎగదోపి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఒక తాబేలును రెండు చేతులా ఎత్తుకొచ్చింది. దాన్నీ, పోలయ్య తాబేలునూ గట్టినేల మీద పక్కపక్కనే వెల్లకిలా వేసింది.

మడుగు తాబేలు కాళ్ళు ఆడించి, అటూ ఇటూ ఊగి, టక్కున తిరగబడి నీళ్ళ వైపు నడిచింది. రెండోది మెడ సాచి, కాళ్ళు కొట్టుకుంటూ అలాగే ఉండిపోయింది. మునసబు గారు నమ్మలేక తానే వంగి మొదటిదాన్ని మళ్ళీ వెల్లకిలా వేశారు. అది మళ్ళీ లేచింది.

"గుండ్రటి వీపు పొర్లుతుందండి, చదును వీపు పొర్లదు. ఇది ఏటిదేనండి" అంది అత్త.

మునసబు గారు నడుం నిటారు చేసి, వల లాక్కున్నవాళ్ళ వైపు తిరిగారు. "వల ఇచ్చేయండి. తప్పు మాదే పోలయ్యా" అన్నారు. పోలయ్య ఏడుస్తూ, ఆ తాబేలును తిరిగి ఏట్లో వదిలేస్తానన్నాడు. "నీ కూడు నువ్వు తీసుకెళ్ళవయ్యా" అంది అత్త.

ఆ పూట ఇంట్లో నాన్న అత్త వైపు చూడకుండానే అన్నం తిని లేచిపోయారు. కానీ ఆ తరవాత ఎవరు ఏ తగవుతో వచ్చినా, "మా అక్కయ్యని కూడా ఒకసారి అడగండి" అనేవారు.

ఇప్పుడు మెరకను తవ్వి మడుగును కాలవలో కలిపేశారు. పొలాలు పచ్చగా ఉన్నాయి, కాదనను. అత్త లేదు. నిరుడు వెళ్ళి ఒడ్డున చాలాసేపు నిలబడ్డాను. పైకి తేలినవన్నీ చదును వీపులే. గుండ్రటివి ఏమయ్యాయని అడిగితే అక్కడి కుర్రాళ్ళు నవ్వారు: "తాబేళ్ళలో రకాలేంటండీ?" ఎలా ఉండేవో చెప్పబోయి మాటలు చాలక, రెండు అరచేతులూ కలిపి బోర్లించి చూపించాను. వాళ్ళు మర్యాదకి తలూపారు.