దీపం కొట్టని ఆట

మా అత్త పోయి ఇరవై రెండు రోజులు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను గ్లాసు కడిగి వచ్చేసరికి ఆమె లేరు.

పదహారో రోజు కర్మకు సేత్తూరు నుంచి ఆమె పుట్టింటివాళ్ళు వచ్చారు, మిల్లులో ఆమెతో పనిచేసిన ఆడవాళ్ళు ఇద్దరు వచ్చారు. అందరూ ఆమె పనితనం చెప్పుకున్నారు, ఆమె పెట్టే మామిడికాయ ఊరగాయ గురించి, ఆమె కోపం గురించి కూడా చెప్పుకున్నారు. వాళ్ళు వెళ్ళాక మా ఇంటాయన ఆమె మంచం కింద సర్దుతూ తువ్వాలు కప్పిన నల్లడబ్బా ఒకటి బయటికి లాగారు.

"ఇది పాప చిన్నప్పుడు నేను తెచ్చిన టీవీ గేమ్ గదా? ఇంకా ఎందుకు పెట్టినారు? పాత సామాన్లోడికి ఇచ్చేస్తాంలే."

"వద్దు" అన్నాను. ఎందుకని ఆయన అడిగితే డబ్బా తీసుకుని మళ్ళీ మంచం కిందికి తోశాను.

తల్లి గురించి ఆ కొడుక్కి తెలియనిది ఒకటి ఉంది. పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. తమిళ ఊళ్ళో పుట్టి పెరిగాను గనుక బడిలో నేను చదివింది తమిళం. తెలుగు అక్షరాలు భజన పాటలు చదువుకోడానికి మా నాన్న నేర్పారు. ఇంత పొడుగున ఎప్పుడూ రాసింది లేదు. అయినా నేను కూడా పోతే ఆ సంగతి పోతుందని భయమేసి పెన్ను పట్టాను. మన ఇంటి ఆడపిల్లలకని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ ఆట ఇంటికి వచ్చినప్పుడు మా పాపకు ఏడేళ్ళు. కేసెట్ మీద కారు బొమ్మ అంటించి ఉంది. టీవీలో పెడితే కారూ లేదు, రోడ్డూ లేదు. తలకు ఎర్రగుడ్డ కట్టుకుని కత్తి పట్టుకున్న మనిషి ఒకడు కోటలో మెట్లెక్కుతూ కనిపించాడు. పాప ఏడ్చింది. కారు కావాలంది. నెల తిరిగేసరికి దాన్ని మర్చిపోయింది.

మర్చిపోనిది మా అత్త. అప్పటికి ఆమె మిల్లు పని మానేసి ఏడాది. నూలు తీసే మిషన్ల మధ్య నడుస్తూ తెగిన దారం అతికించడం ఆమె పని. ఇరవై ఆరేళ్ళు ఆ పని చేసిన వేళ్ళు ఊరికే ఉండలేకపోయేవి. కూర్చుంటే చీర అంచు నలుపుతూ ఉండేవారు. ఒకరోజు మధ్యాహ్నం నేను గిన్నెలు తోమి వచ్చేసరికి ఆ ఆట ముందు కూర్చుని ఉన్నారు.

"సుమ్మా చూస్తా ఉండా" అన్నారు, దొంగతనం పట్టుబడ్డట్టు. సుమ్మా అంటే మా పక్క ఊరికే అని. టీవీలో ఎర్రగుడ్డ మనిషి అప్పటికే రెండు వాకిళ్ళు దాటి ఉన్నాడు.

అలా మొదలైంది. రోజూ అన్నాలయ్యాక వీధి తలుపు వేసి ఆడేవాళ్ళం. ఆ మనిషికి మూడు ప్రాణాలు. మొదటిది ఆమెది, రెండోది నాది, మూడోది మళ్ళీ ఆమెది. "మనకు ఒకటే ఇచ్చినాడు సామి, వీనికి మూడు ఇచ్చినాడు. చూడు అన్యాయం" అనేవారు. ఎదురొచ్చిన వాళ్ళను నరికే ముందు "తప్పుకో నాయనా" అని ఒకసారి చెప్పేవారు. వాళ్ళు తప్పుకునేవాళ్ళు కారు. "చెప్పినా గదా" అని నరికేవారు.

నాకు గాభరా ఎక్కువ. బటన్లన్నీ ఒకేసారి నొక్కేసేదాన్ని. "ఏమే, దారం తెగితే మిషను నిన్ను తిడుతుందా? నిదానంగా అతికించు" అనేవారు. ఇంటి పనిలో ఏదైనా చెడితే ఇప్పటికీ నాకు ఆ మాటే వినిపిస్తుంది.

పక్కింటామెకు ఆ సద్దు వినబడేది. ఒకసారి తలుపు తట్టి, "ఏంది పెద్దమ్మా, లోపల టకటక అని?" అంది.

"కొబ్బరి గీరతా ఉండాం!"

"దినామూ కొబ్బరేనా? గుండెకు మంచిది కాదు పెద్దమ్మా!"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను కోడలిగా వచ్చాక ఆమె అలా నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఇక దీపాల సంగతి. ఆ కోట గోడలకు వరుసగా దీపాలుండేవి. మొదటిరోజే అత్త నాకు చెప్పారు: "వాటి జోలికి పోవద్దు. కత్తి తగిలితే కొండెక్కుతాయి."

మనం దీపం ఆరిపోయింది అనం గదా, కొండెక్కింది అంటాం. పాప ఒకసారి "ఏ కొండ అవ్వా?" అని అడిగింది. అత్త కిటికీలోంచి సంజీవి కొండ చూపించారు. "ఇంకే కొండ? మన ఊరి దీపాలన్నీ ఆడికే పోతాయి." పాప చాలా ఏళ్ళు అది నిజమనే నమ్మింది. నాకూ అలా అనుకోవడమే బాగుండేది.

అందువల్ల మేము దీపం ఎదురైతే ఎగిరి దాటేవాళ్ళం. దీపం పక్కన ఎవడైనా నిలబడి కొడితే తిరిగి కొట్టకుండా దెబ్బలు తినేవాళ్ళం. నాలుగో వాకిట్లో ఇనపగుండు తిప్పే రాక్షసుడు ఉండేవాడు. వాడి దగ్గరికి చేరేసరికి మా దగ్గర ఒక ప్రాణమే మిగిలేది. నాలుగేళ్ళు ఆడాం. నాలుగో వాకిలి దాటలేదు. తర్వాత టీవీ పాడైంది, కొత్తది వచ్చింది, డబ్బా అటకెక్కింది.

పోయిన ఏడాది అత్తకు కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట మాత్రం పోలేదు. ఇంటికి వచ్చి వ్యాయామం చేయించే అమ్మాయి "చేతులకు ఏదైనా పని చెప్పండి" అంది. అత్తకు చిక్కుడుకాయలు ఇచ్చాను, పూలు ఇచ్చాను. ఒంటిచేత్తో చేయలేక పక్కకు తోసేశారు. తిండి తగ్గింది. ఒకరోజు మధ్యాహ్నం పైకి చూస్తూ అన్నారు:

"ఆ ఎర్రగుడ్డాయన ఎట్లుండాడో."

నేను అటక ఎక్కాను. కొత్త టీవీ వెనుక ఆ తీగలు పట్టాయి. ఆట వచ్చింది. ఆడేటప్పుడు రెండు చేతులా పట్టుకునే పిడికి నడిపించే బటన్ ఎడమవైపు, కత్తి బటన్ కుడివైపు. ఎడమవైపు ఆమె పట్టుకున్నారు, కుడివైపు నేను పట్టుకున్నాను. నడక ఆమెది, దెబ్బ నాది. మొదట్లో వాడు తాగినవాడిలా తూలాడు. వారం తిరిగేసరికి కుదిరింది. అత్త రెండో ముద్ద అడిగి తిన్నారు.

"నాలుగో వాకిలి అవతల ఏముందో చూసి పోతానే" అన్నారు. పోతాను అనడం ఆమెకు మామూలు మాట. నాకు కాదు. ఆ వాకిలి ఆమెకు చూపించి తీరాలని ఆరోజు అనుకున్నాను.

కోయంబత్తూరులో ఉన్న పాపను ఫోన్‌లో అడిగాను. అది ఎక్కడో వెతికింది. ఆ ఆట తెలిసినవాళ్ళే తక్కువట. మర్నాడు ఫోన్ చేసి ఒకటే నవ్వు.

"అమ్మా, మీరిద్దరూ దీపాలు కొట్టనే లేదా? ప్రాణాలు ఆ దీపాల్లోనే ఉండాయి. కొడితే బయటికి వస్తాయి."

నేను నవ్వలేకపోయాను. వారం రోజులు అత్తకు చెప్పలేదు. రోజూ ఆ దీపాల పక్కనుంచే పోయి, రోజూ నాలుగో వాకిట్లో చచ్చాం. ఆమె ఎడమచేయి కూడా అలసిపోవడం మొదలైంది. ఇక ఆగలేక చెప్పేశాను.

అత్త పిడి వదిలేశారు. "ఆట వద్దు. ఆపెయ్" అన్నారు. తప్పు చేశాననుకున్నాను.

మర్నాడు నేను తల దువ్వుతుండగా, అద్దంలో నన్ను చూడకుండా చెప్పారు.

"మీ మామ ఆస్పత్రిలో ఉన్న పొద్దు, నేను మిల్లుకు పోవాల. మిల్లులో సైరను సంగు ఊదేసినారు. ఇంట్లో దీపం వెలగతా ఉంది. ఎవురూ లేరు. అది కొండెక్కేదాకా ఆగలేదు నేను. నోట్తో ఊదినాను." ఎడమచేత్తో చీర అంచు నలిపారు. "పదిగంటలకు మిల్లుకు మనిషి వచ్చి పిలిచినాడు, ఆయన పోయినాడని."

మామ నేను కోడలిగా రాకముందే పోయారు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచి చూస్తున్నాను, అత్త సాయంత్రం దీపం పెట్టి, అది తనంతట తాను కొండెక్కేదాకా కదలకుండా కూర్చునేవారు. ఆకలైనా లేచేవారు కారు. భక్తి అనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుంది. ఆమె కాపలా కాస్తున్నారని ఎవరికీ తెలియదు.

నాకు పెద్ద మాటలు రావు. "సంగు ఊదేసినారు గదా అత్తా. మిల్లు తలుపు వేసేస్తారు గదా" అన్నాను. జడ వేసి ముడి చుట్టాను.

ఆ మధ్యాహ్నం ఆమే అడిగారు ఆట పెట్టమని. ఎడమ బొటనవేలితో ఆ మనిషిని మొదటి దీపం ముందుకు నడిపి నిలబెట్టారు. నా వేలు కత్తి బటన్ మీద ఉంది. నొక్కలేదు. ఆమె నొక్కమనాలి. చాలాసేపు ఆ మనిషి దీపం ముందు అలాగే నిలబడ్డాడు.

"ఊఁ" అన్నారు.

"కొట్టమంటారా అత్తా?"

"కొట్టేది కాదే. కొండెక్కించేది."

"అవునత్తా. కొండెక్కిస్తా."

నొక్కాను. దీపం పోయింది. అది ఉన్నచోట ఎర్రగా చిన్న గుండె ఆకారం ఒకటి కిందికి రాలి, వాడి కాళ్ళ దగ్గర మినుకుమంటూ నిలిచింది. అత్త వాడిని ఒక్క అడుగు జరిపారు. పైన ప్రాణాల లెక్క మూడు నుంచి నాలుగుకు మారింది.

అత్త నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారు.

"పోలేదే" అన్నారు. "వచ్చిందే."

ఆ రెండు మాటలే అన్నారు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. నేను తుడిచాను.

ఆ సాయంత్రం నేను పెట్టిన దీపానికి దండం పెట్టుకున్నాక, అది బాగా వెలుగుతుండగానే "అన్నం పెట్టవే, ఆకలేస్తుంది" అన్నారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె ఆ దీపానికి వీపు పెట్టి కూర్చుని తిన్నారు.

మూడోరోజు నాలుగో వాకిలి దాటాం. ఇనపగుండువాడు కూలిపోయాడు. తలుపు తెరుచుకుంది. ఇద్దరం ఊపిరి బిగపట్టాం. అవతల మళ్ళీ అదే కోట, అవే మెట్లు, అవే దీపాలు. గోడలు మాత్రం నీలం రంగు.

"ఏమే, మనం లోపలికి పోయినామా, బయటికి వచ్చినామా?"

తెలియదన్నాను. అత్త నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. పక్కింటామె గోడ అవతలనుంచి "కొబ్బరా పెద్దమ్మా?" అని కేకేసింది. దాంతో ఇంకా నవ్వాం.

"సరి సరి. నీలం కోటలో ఏముందో నిదానంగా చూస్తాం" అన్నారు. నీలం కోటలో రెండో వాకిలి వరకు చూశారు.

మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ డబ్బా పెట్టాను. పాత అలవాటుగా కుడివైపు మాత్రం పట్టుకుని కూర్చున్నాను. ఎర్రగుడ్డ మనిషి మెట్ల కింద నిలబడ్డాడు. నేను బటన్ నొక్కాను. వాడు కత్తి తిప్పాడు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ తిప్పాడు. ముందుకు మాత్రం పోలేదు. నడిపించే బటన్ ఎడమపక్క ఖాళీగా ఉంది. నా ఎడమచేయి ఒళ్ళోనే ఉంది, దాన్ని అక్కడ పెట్టాలని నాకు అనిపించలేదు. వాడు ఉన్నచోటే నిలబడి, ఎవరో వచ్చి నడిపిస్తారని ఎదురుచూస్తూ, గాలిలో కత్తి తిప్పుతూనే ఉన్నాడు.

అమ్మలూ, ఈ కాగితాలు చదివి బీరువాలో ఆమె చీరల కింద పెట్టండి. పారెయ్యొద్దు. బయటివాళ్ళకు చూపొద్దు. ఆమె దీపం ఊదిన సంగతి ముప్పై ఏళ్ళకు పైగా లోపలే దాచుకుని, తల దువ్వించుకుంటూ ఒక్కసారి చెప్పారు. అది మన ఇంట్లోనే ఉండనీయండి.