చౌక్‌లో నల్ల, పరదా వెనక నేను

మా చౌక్ గురించి ఎవరైనా కళ్లు తుడుచుకుంటూ మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజుల్లో అందరం అక్కడే కలిసేవాళ్లమట, ఒక్క ఇంటి మనుషుల్లా ఉండేవాళ్లమట. అందరం అంటే ఎవరండీ? నేనూ అక్కడే పుట్టాను. అప్పట్లో నాకు చూపు బాగానే ఉండేది.

మెదక్‌లో ఖిల్లా గుట్ట కింద నాలుగు గల్లీలు వచ్చి కలిసే చోటు మా చౌక్. నడుమ చేదబావి, ఒక మూల రాతి గద్దె. గద్దెను ఆనుకుని మా ఇల్లు, గడప లోపలే మా బాపు కుట్టుమిషన్. పెళ్లి మాటలైనా, గోడల తగాదాలైనా, మొహర్రంలో పీర్లు లేచినా అక్కడే. గద్దె మీద కూర్చునేది మాత్రం మగవాళ్లు, మగవాళ్లలో కూడా పెద్ద ఇళ్ల వాళ్లు. ఆడవాళ్లం ఆ గద్దె ముందు నుంచి పోవాలంటే కొంగు తలమీదికి లాక్కుని, చెప్పులు చేతిలో పట్టుకుని పోవాలి. బతుకమ్మ ఆడే రోజుల్లో చౌక్ మాది. పండుగ అయిపోతే చెప్పులు మళ్లీ చేతికి.

బావి దగ్గర పద్ధతి ఇంకా ఘోరం. చౌక్ వెనక వాడ నుంచి వచ్చే ఆడవాళ్లు బావి గట్టు ఎక్కకూడదు. కుండ కింద పెట్టి దూరంగా నిలబడాలి. ఎవరికైనా దయ పుడితే తోడి పైనుంచి పోస్తారు, పుట్టకపోతే లేదు. వాళ్లలో ఒకావిడ హవేలిఘనపూర్ పొలాలకు నాట్లకు పోయేది. నాకంటే పదేళ్లు పెద్దదేమో. ఇంట్లో కాళ్లు పడిపోయిన అత్త. పొద్దున్నే రెండు కుండలు నిండితే తప్ప ఇల్లు కదలలేదు, ఆలస్యమైతే నాట్ల గుంపు ఆమెను వదిలేసి పోతుంది. అయినా బతిమాలడం ఆవిడకు చేతకాదు.

"ఓ పటేలమ్మా, చేతులకు గోరింటాకు పెట్టుకున్నవా ఏంది? జర రెండు చేదలు పొయ్యరాదు!" అని కేక వేసేది.

కొందరు నవ్వి పోసేవాళ్లు, కొందరు మూతి తిప్పుకుని పోయేవాళ్లు. నేను పోసేదాన్ని. నేనూ పైనుంచే పోసేదాన్ని. ఊరి తప్పులన్నీ రాసి నాది ఒక్కటి దాచుకోవడం బాగుండదు కదా.

గద్దె మీద పెద్ద దిక్కు గిర్దావర్ సాబ్. నిజాం జమానాలో రెవెన్యూ ఉద్యోగం చేసి పెన్షన్ మీద ఉన్న మనిషి. మా గల్లీ మొదట్లోనే పెద్ద ఇల్లు. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. హైదరాబాద్ బస్సులో వచ్చే ఉర్దూ పేపరు తెప్పించుకుని, గద్దె మీద కుర్చీ వేయించుకుని, చదివి మాకు తెలుగులో చెప్పేవాడు. లోకంలో ఏం జరిగిందో చౌక్‌కు తెలిసేది ఆయన నోటి నుంచే. ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా ముందు ఆయన చేతికే.

ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆఫీసు నోటీసులు తెలుగులో రావడం మొదలైంది. జనం కూడా తెలుగు పేపరు చదవమని అడిగారు. సాబ్‌కు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఆ సంగతి చెప్పుకుంటే కుర్చీ పోతుంది. అందుకని ఒకరోజు షేర్వానీ కొలతలిచ్చే వంకతో మా బాపు దగ్గరికి వచ్చాడు.

"నీ బిడ్డ తెలుగు మంచిగ చదువుతదట గద. పొద్దుగాల పరద ఎనుక కూసుని నాకు చదివి వినిపిస్తది. ఎవ్వలికి ఎర్క కావద్దు."

"ఏడో తరగతి అయిపాయె సాబ్. ఇగ బంద్ పెడ్దమనుకుంటున్న," అన్నాడు బాపు.

"బంద్ పెట్టకు. హైస్కూలుకు తోలు. పనికొస్తది."

అలా నేను చర్చి దగ్గరి హైస్కూలుకు పోయాను. ఆయన మాట మీదే పోయాను, కాదనను. గల్లీలో తెలుగు చదివే మగపిల్లలు లేక కాదు నన్ను అడిగింది. మగపిల్లవాడు చదివితే వాడు చదివినట్టు అవుతుంది. పరదా వెనక ఆడపిల్ల చదివితే సాబ్ చదివినట్టు అవుతుంది. అంత తెలివి ఆయనకు ఉంది.

రోజూ సాబ్ కుర్చీ మా తలుపుకు ఆనుకుని ఉండేది. ఆ రోజు పేపరు నా దగ్గర, ముందు రోజుది ఆయన చేతిలో. నేను మెల్లగా చదివితే ఆయన గొంతెత్తి చెప్పేవాడు. ఉర్దూ అలవాటు పోక పేపరును వెనక పేజీ నుంచి తెరిచేవాడు. ఎవరూ పట్టించుకోలేదు. నేను "వాన పడవచ్చు" అని చదివితే ఆయన "వాన పడ్తదట, నేను మొన్ననే చెప్పలే?" అనేవాడు. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. ఇలా రెండేళ్లు నడిచింది.

ఒక పొద్దున ఆఫీసు చప్రాసి నోటీసు తెచ్చి సాబ్ చేతిలో పెట్టి పోయాడు. సాబ్ దాన్ని పరదా కింద నుంచి లోపలికి తోశాడు. చౌక్‌లో బావి పక్కన, ప్రజలందరి వాడకం కోసం నల్ల, అంటే కుళాయి, వేస్తారని, అభ్యంతరం ఉన్నవాళ్లు పదిహేను రోజుల్లో రాసి ఇవ్వాలని అందులో ఉంది. 'ప్రజలందరి' అన్న మాట దగ్గర ఆగి రెండోసారి చదివాను. పరదా సందులోంచి చూస్తే బావి కింద రెండు కుండలు, పక్కనే ఆ నాట్లావిడ. నల్ల వస్తే తిప్పుకోవడానికి ఎవరి దయా అక్కర్లేదు కదా అనుకున్నాను.

సాబ్ కాగితం వెనక్కి తీసుకుని మడిచి, మళ్లీ విప్పాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"చౌక్‌కు నల్ల మంజూరైంది. మన గల్లీ మొదట్ల, నా ఇంటి ముందట పెడ్తరట. ఒప్పుకున్నోళ్లు ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యాలట."

జేబులోంచి తెల్ల కాగితం, సిరా డబ్బా తీశాడు. నల్ల సంగతి ముందే ఆయన చెవిన పడ్డట్టుంది. పైన ఏం రాయించుకుంటాడో నాకు అర్థమైంది. బావి పక్కన వద్దని, ఆయన ఇంటి ముందే కావాలని అందరూ కలిసి అభ్యంతరం చెప్పారని.

నాట్లావిడ కుండల దగ్గర నుంచే అడిగింది. "సాబ్, మా వాడోళ్లు నీళ్లకు గా గల్లీలకు వస్తే రానిస్తరా?"

"నువ్వెందుకు రావాలె? బాయి ఉన్నది గద. పోసేటోళ్లు పోస్తరు."

బాపు మిషన్ చప్పుడు ఆగిపోయింది. పరదాకు ఇవతల కూర్చున్న మనిషి. నేను చదివిందీ విన్నాడు, సాబ్ చెప్పిందీ విన్నాడు. నా వైపు చూసి వద్దని తల ఊపాడు. నేను పరదా తీసి గద్దె మీదికి వచ్చాను. ఇంట్లోంచి వచ్చాను కాబట్టి కాళ్లకు చెప్పులు లేవు. ఉంటే విప్పేదాన్ని కాదు.

"గట్ల లేదు సాబ్ గా కాగితంల. నల్ల బాయి పక్కపొంటి పెడ్తరని ఉన్నది. అందరికని ఉన్నది."

గద్దె మీద తలలన్నీ నా వైపు తిరిగాయి. సాబ్ నన్ను చూడకుండా బాపును చూశాడు.

"ఏయ్ దర్జీ, నీ బిడ్డను లోపటికి పిలువు. దీనికేం ఎర్క?"

"నాకు ఎర్కనే. రెండేండ్ల సంది పేపర్ సదివేది నేనే. మీరు చెప్తుండ్రు, గంతే."

అంతే, చౌక్ రెండుగా చీలింది. "అబద్ధమాడుతున్నది పోరి" అని కొందరు. "మొన్న సాబ్‌కు దగ్గొచ్చినప్పుడు కూడ లోపట గొంతు ఇనవడ్డది" అని కొందరు. నూనె గానుగ నడిపే ముసలాయన తల గోక్కుని, "ఇగ ఎవల మాట నమ్మాలె? మాకా సదువు రాకపాయె" అన్నాడు.

నాట్లావిడే తేల్చింది.

"గింత లొల్లి ఎందుకు? సాబ్‌నే మల్లొకపారి సదువుమనుండ్రి. ఏలు పెట్టి సదువుమనుండ్రి. పలక మీద పిల్లలు ఏలు పెట్టే సదువుతరు గద."

సాబ్‌కు కోపం వచ్చింది. కోపంలో మనిషికి ఆలోచన ఉండదు. నోటీసును మోకాలి మీద పరిచి, చూపుడువేలు కుడి కొసన ఆనించాడు. "చౌక్... గల్లీ... మొదట్ల..." అంటూ ఎడమవైపుకు జరుపుకుంటూ పోయాడు. ఒక గీత అయిపోయింది. వేలు ఎత్తి రెండో గీతకు మళ్లీ కుడి కొసనే పెట్టాడు.

మొదట నవ్వింది ఎవరో తెలుసా? సాబ్ పక్కన రోజూ కూర్చుని ఆయనతో ఉర్దూ కవిత్వం, షేర్లు చెప్పుకునే ముస్లిం పెద్దాయన.

"అరే భాయ్, తెలుగు ఇటుకెల్లి అటు పోతది! అటుకెల్లి ఇటు వచ్చేది మన ఉర్దూ!"

ఇంకేముంది. తెలుగు రానివాళ్లకు కూడా తమ ఇళ్లలో పిల్లల పలకలు గుర్తొచ్చాయి. నవ్వులో సాబ్ చేతిలోంచి నోటీసు తీసుకుని, ఎడమ నుంచి వేలు పెట్టి, ఒక్కో మాటా గట్టిగా చదివాను. ఒక్క వేలిముద్ర పడలేదు. సాబ్ సిరా డబ్బా మూసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి సగం కుట్టిన కొత్త షేర్వానీ వెనక్కి తెప్పించుకున్నాడు. పోరిని బడి మాన్పించమని కబురు కూడా వచ్చింది. బాపు అన్నం ముందు కూర్చుని చాలాసేపు తినలేదు.

"నీ నోరు కుట్టేటందుకు నా తాన సూది లేదు," అన్నాడు.

"బడికి పోవద్దా?" అన్నాను.

"ఆయన తోలుమంటె తోలిన. ఇప్పుడు నేను తోల్తున్న. పో."

నేను తర్వాత కాలేజీకి పోయింది, ఇప్పుడు ఇలా అందరితో తగువు పెట్టుకుంటున్నది ఆ 'పో' మీదే.

పేపరు మూడు రోజులు ఎవరూ చదవలేదు. నాలుగో రోజు ముస్లిం పెద్దాయన పరదా దగ్గరికి తెచ్చి ఇచ్చాడు. పరదా వెనక నుంచి చదవనన్నాను. చదివితే గద్దె మీద కూర్చునే చదువుతానన్నాను. ఆయన గడ్డం నిమురుకుని, "జిద్దీ పోరి, మొండిది" అని కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. వెళ్లనీయండి అనుకుని చదివాను.

నల్ల వేసేసరికి ఏడాది తిరిగింది. నీళ్లు వచ్చిన మొదటి పొద్దున అందరికంటే ముందు నాట్లావిడ కుండతో నిలబడింది. తనే తిప్పింది, తనే పట్టుకుంది. గల్లీ ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఆవిడ పోగానే చింతపండు, బూడిద తెచ్చి నల్లను తోమి, ఆ తర్వాతే పట్టుకున్నారు. నన్నూ తోమమన్నారు. నేను ఆవిడ వెనకే బిందె పెట్టి పట్టుకున్నాను. మా అమ్మ కూడా ఆ రోజు నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఆవిడ మళ్లీ వచ్చింది. వాళ్లు మళ్లీ చింతపండు తెచ్చారు.

"తోముండ్రి అక్కా, గట్టిగ తోముండ్రి. ఇత్తడిది గద, మంచిగ మెరుస్తది. రేపు మల్ల వస్త."

అలాగే వచ్చింది, రోజూ వచ్చింది. వాళ్ల మనసు మారిందని నేను రాయను, మారలేదు. ఎండాకాలంలో నీళ్లు గంటసేపే వచ్చేవి, కుండల వరుస గద్దె దాకా ఉండేది. ఒక రోజు గల్లీ ఇల్లాలు ఒకావిడ చింతపండు తీయగానే వెనక నుంచి ఆమె సొంత తోడికోడలే అరిచింది.

"తోముడు ఇంటికి పోయినంక తోముకో, జరుగు! నీళ్లు బంద్ అయితయ్!"

ఆమె జరిగింది. నాట్లావిడ అప్పటికే ఒక కుండ తలకెత్తుకుని, రెండోది చంకన పెట్టుకుని, కూలికి పొద్దు పోతోందని అందర్నీ పక్కకు జరగమంటూ, చెప్పులు కాళ్లకే ఉంచుకుని గద్దె ముందు నుంచి నడిచి పోతోంది.