నల్లమన్ను డబ్బాలు

నా చిన్నప్పుడు మా మేనత్తను ఎస్టేటులో అందరూ 'మొక్కల్ని చంపే మనిషి' అనేవారు. అన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు మరచిపోయారు. నేను మరచిపోలేదు, అందుకే రాస్తున్నాను.

మలేసియాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర ఒక రబ్బరు ఎస్టేటులో మా ఇళ్ల వరుస ఉండేది. వెనుక వాగు పక్కన, కూలీలు కూరా నారా వేసుకోవడానికి వదిలిన నేలలో మా తాత, పనసలా ముళ్లకాయలు కాసే దురియన్ చెట్లు పదకొండు పెంచాడు. ఒక వానాకాలం వాటికి వేరుకుళ్లు తగిలింది. ఆకులు పసుపెక్కాయి. మొదళ్ల దగ్గర బెరడు చెమ్మగిల్లి గోధుమరంగు జిగురు కారింది. తవ్వి చూస్తే వేళ్లు ఉడికిన కర్రపెండలంలా చేతికి ఊడివచ్చేవి. రెండు మూడేళ్లలో పది చెట్లు పోయాయి. మిగిలిన ఒక్క చెట్టు కాయలు ఎంత చప్పగా ఉండేవంటే ఉడతలు కూడా కొరికి వదిలేసేవి.

అందరూ ఆ చెట్టును తిట్టారు. అత్త మాత్రం, పదింటిని తిన్న మన్ను దీన్ని ఎందుకు తినలేకపోయిందని ఆలోచించింది. తీపి కొమ్మలో ఉంటుంది, ఓర్పు వేరులో ఉంటుంది. ఈ వేరు మీద తీపి చెట్టు కన్ను, అంటే కొమ్మ మీది చిగురుమొగ్గ, తెచ్చి అంటు కడితే? ఎస్టేటు నారుమడిలో అంటు కట్టే పని మగవాళ్లకే ఇచ్చేవారు. అత్త అక్కడ కలుపు తీస్తూ, ఓరకంట వాళ్ల చేతులు చూసి ఆ పని నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. కొండ మీది పల్లెలో మంచి దురియన్ చెట్టున్న ఒక మలయ్ పెద్దాయన కొమ్మలు ఇస్తానన్నాడు.

ముందు ఆ వేరు నిజంగా గట్టిదో కాదో తేలాలి. దురియన్ గింజ ఎండితే మొలవదు, దాచిపెట్టడానికి లేదు. ఆ ఏడు ఆ చెట్టు ఇచ్చింది ముప్పై రెండు గింజలు. అత్త ఖాళీ పాలడబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి, చచ్చిన చెట్ల కింది నల్లమన్ను నింపి వాటిని నాటింది. మొక్కలు రెండేసి ఆకులు వేయగానే, అదే మన్ను కలిపిన బురదనీళ్లు రోజూ పోయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ తల వాల్చసాగింది.

"పిల్లల్లేకపోతే పోయె, మొక్కలనైనా బతకనియ్యవేటే?" అంది పక్కింటి ముసలమ్మ ఒకరోజు.

"సచ్చేవి ఇప్పుడే సావనియ్ పిన్నీ. కాపుకొచ్చినాక సస్తే ఏడుపు ఎక్కువ" అంది అత్త, చెయ్యి ఆపకుండా.

కూలీల మీద పెత్తనం చేసే కంగాణి అప్పటికే గట్టిగా చెప్పాడు. వచ్చే వానలలోగా పనికొచ్చే మొక్కలు కనబడకపోతే ఆ నేల ఇంకో కుటుంబానికి ఇచ్చేస్తానన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అత్తను అన్న ప్రతి మాటా నాకు తగిలేది. కొండ మీది చెట్టు కింద రాలిన గింజలు మొలిచి ఉండేవి. బడి నుంచి వస్తూ వాటిని పెకిలించి తెచ్చి, మా డబ్బాల్లో వాలిన మొక్కల్ని పారేసి, ఆ చోట పెట్టేవాణ్ణి. అత్త తెల్లవారుజామున మసకలోనే నీళ్లు పోసి, పాల కోసం రబ్బరు చెట్లు గీయడానికి వెళ్లిపోయేది కనుక పోల్చుకోలేదు. అలా తొమ్మిదింటిని మార్చాను.

ఒక ఆదివారం అత్త వెలుతురులో లెక్క చూసుకుంది. ఇరవై ఆరు బతికి ఉన్నాయి. ఆమె ముఖం అంతగా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు. నేరుగా కంగాణి గుమ్మం ముందుకు వెళ్లి, నలుగురూ వినేలా ఆ లెక్క చెప్పింది. కంగాణి మొదటిసారి వెటకారం లేకుండా, "అయితే ఉంచుకో లా" అని అక్కడి యాసలో అన్నాడు.

వారం తిరక్కముందే ఒక మొక్క పసుపెక్కింది. చచ్చేదాన్ని పెకిలించి వేరు చీల్చి చూడడం అత్తకు అలవాటు. డబ్బాలోని నల్లమన్ను మధ్య, ఆ వేరును పట్టుకుని ఎర్రమన్ను ముద్ద ఒకటి ఉంది. అది కొండ మీది మన్ను.

"ఏట్రా ఇది?"

"నిన్ను చూసి అందరూ నవ్వుతున్నారని, అత్తా..."

"ఎన్ని మార్సినావు?"

"తొమ్మిది."

"ఏవేవి?"

నాకు గుర్తు లేదు. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. అత్త గొంతు వినబడింది. "సచ్చిన మొక్క నాకు నిజం సెప్తాదిరా. నువ్వు దాని నోరు నొక్కేసినావు."

ఆమె లేచి, చీరకంటిన మన్ను దులుపుకుని మళ్లీ కంగాణి ఇంటికే నడిచింది. నేను వెనకే వెళ్లాను. అదే గుమ్మం, దాదాపు అదే నలుగురు.

"నాను సెప్పిన లెక్క తప్పు. ఇరవై ఆరు కాదు. ఎన్నో నాకూ తెల్దు."

"మొన్న ఇరవై ఆరు, ఇయ్యాల తెల్దు. రేపేటి సెప్తావు?" అన్నాడు కంగాణి. వెనకాల ఎవరో పకపకా నవ్వారు.

"రేపు బతికినవి సెప్తాను."

నా పేరు ఎత్తలేదు. అక్కడే నిలబడి ఉన్నాను, నా వైపు చూడను కూడా చూడలేదు. ఆ నవ్వంతా తానే మోసింది. చివరికి కంగాణి, "ఈ వానలు ముగిసేలోగా ఒక్కటైనా నిలబెట్టి సూపించు. లేదంటే నేల పోతాది" అని లోపలికి వెళ్లిపోయాడు.

మరునాడు బురదనీళ్ల చెంబు నా చేతికిచ్చింది. వానలు ముగిసేదాకా అన్ని డబ్బాలకూ నేనే పోశాను. చచ్చినదాన్ని నేనే పెకిలించి, చీల్చి, వేరు ఎలా ఉందో పైకి చెప్పాలి. వేళ్లకంటిన ఎర్రమన్నును బట్టి చూస్తే, నేను ప్రేమగా తెచ్చినవే ముందు కూలాయి. మొదట్లో ఏడుస్తూ పోశాను, తర్వాత ఏడుపు పోయి కుతూహలం మిగిలింది. చివరికి ఐదు నిలిచాయి. పెద్ద డబ్బాల్లోకి మారుస్తుంటే అందులో ఒకదాని వేరుకు ఎర్రమన్ను కనబడింది! నేను భయంగా చూస్తే అత్త పగలబడి నవ్వింది. "ఎక్కడ పుట్టిందో మనకెందుకురా, ఓర్సుకుంది కదా. ఉండనీ."

కాండం లావెక్కాక ఐదింటికీ తీపి చెట్టు కన్ను కట్టింది. మూడింటికి అతికింది. ఆ మూడింటినీ చచ్చిన చెట్ల గుంతల్లోనే నాటింది. అతకని రెండింటినీ అలాగే పెరగనిచ్చింది, గింజలకు పనికొస్తాయని. కంగాణి వచ్చి మొదళ్లు వంగి చూసి వెళ్లిపోయాడు. నేల మాకే ఉండిపోయింది. కొన్నేళ్లకు ఆ చెట్ల పండు తిన్నవాళ్లలో పక్కింటి ముసలమ్మ కూడా ఉంది. రెండోసారి అడిగి మరీ తింది.

నేను బడిలో చదివింది ఐదో తరగతే. మిగతాదంతా పాత పత్రికలూ అడిగి తెచ్చుకున్న పుస్తకాలూ చెప్పాయి. ఈమధ్య మనవడు కౌలాలంపూర్‌లో ఒక రైతుల సభకు తీసుకెళ్లాడు. వేరుకుళ్లును తట్టుకునే మొక్కల్ని ఎంచి, వాటి మీద అంటు కట్టడం ఏదో నిన్న పుట్టిన విద్యలా తెర మీద చూపిస్తున్నాడు ఒక కుర్రాడు. లేచి మా అత్త సంగతి చెప్పాను. "రికార్డులేమైనా ఉన్నాయా అంకుల్?" అన్నాడు. ఒళ్లు మండింది. నేల పోతుందని తెలిసి కూడా, తన లెక్క తప్పు అని కంగాణి గుమ్మంలో నిలబడి చెప్పిన మనిషి ఆమె. ఆ మాటకు మించిన రికార్డు ఏ బీరువాలో ఉందో చూపించమన్నాను.

అంటు అతకని ఆ రెండు చెట్ల గింజల సంతతే ఇవాళ్టికీ నా నారుమడిలో మొలుస్తోంది. మొక్కల కోసం వచ్చినవాళ్లు ఎన్ని బతికాయని అడుగుతారు. నేను వాళ్లను ముందు షెడ్డు వెనక్కి తీసుకెళ్లి ఆ ఏడు చచ్చినవాటి కుప్ప చూపిస్తాను. వాటిని లెక్కపెట్టుకున్నాకే, బతికినవాటి దగ్గరకు రానిస్తాను.