బాబా మియా కళాయి పోసిన ఫియట్

బాబా మియాని షెడ్డులోంచి తరిమేశారని జహీరాబాద్‌లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నా ఎదుట అంటే మాత్రం ఊరుకోను. ఆయన్నెవరూ తరమలేదు. తన సుత్తులు తాను గోనెసంచిలో వేసుకుని, సంచి భుజానికెత్తుకుని, పట్టపగలు అందరూ చూస్తుండగా ఆయనే బయటికి నడిచొచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఎందుకంటే ఆ గొడవంతా నా కారు గురించే.

కారంటే ఫియట్. మా నాన్న తెనాలిలో బట్టల కొట్టు నడిపే రోజుల్లో కొన్నది. మీగడ రంగు, గుండ్రటి లైట్లు, స్టీరింగు పక్కనే గేరు. నాన్న పోయాక మా తమ్ముడు దాన్ని తుక్కుకి వేసేస్తానంటే పెద్ద గొడవ పెట్టుకుని లారీ మీద ఇక్కడికి తెప్పించుకున్నాను. మా ఆయన భాస్కరరావు ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. లారీ దిగిన కారుని చుట్టూ తిరిగి చూసి, "ఇది కారు కాదు సుబ్బూ, తుప్పుకి కారు ఆకారం వచ్చిందంతే" అన్నాడు. అయినా అడ్డం చెప్పలేదు. చెప్పినా నేను విననని ఆయనకి తెలుసు.

హైవే పక్కనున్న ఇంద్రసేన షెడ్డులో ఇచ్చాను. పెద్ద షెడ్డు. అద్దాల తలుపు, చల్లటి గది, వెళ్లగానే టీ. ఆ టీకే పడిపోతాం మనం. వెనకాల సొట్టలు తీసే చోట పెద్ద మేస్త్రీ బాబా మియా. అరవైకి దగ్గర పడ్డ పొట్టి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, చాలా దురుసు నోరు. మొదటిరోజే నన్ను కసిరాడు. "బండిని ఇన్నేండ్లు వానల నిలవెట్టి, ఇప్పుడొచ్చి బాగుచెయ్యమంటె ఎట్లమ్మా? మనిషైతె ఎప్పుడో సచ్చేటోడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ కారు కింద దూరి నేల మీద పడుకుని చూసింది మాత్రం ఆయనొక్కడే.

నెలలు గడిచాయి. ఒకరోజు ఇంద్రసేన ఫోను చేశాడు, కారు తయారైందని. వెళ్లి చూస్తే నిగనిగలాడిపోతోంది. తలుపులో నా మొహం కనిపిస్తోంది. ఇంద్రసేన చేతులు కట్టుకుని, "ఎట్లుందమ్మా? కొత్త పెండ్లికూతురు లెక్క లేదా?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు కళ్లు చెమర్చాయి.

అప్పుడు వెనకనుంచి బాబా మియా వచ్చాడు. చేతిలో పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం. దాన్ని కారు తలుపు అడుగు భాగాన ఆనించి చెయ్యి తీసేశాడు. అది జారి కింద పడింది. వెనక చక్రం పైన ఆనించాడు. అక్కడా పడింది.

"ఇనుముంటె పట్టుకుంటది గద అమ్మా! ఈడ రేకు లేదు. తుప్పు తిన్న బొక్కల మీద అల్యూమినియం జాలీ పెట్టి, పైనుంచి పుట్టీ రుద్దిన్రు. నేను కోసి కొత్త రేకు పెడ్తనంటె పెట్టనియ్యలె. రెండు వానలు పడనీ, మొత్తం బుడగలు లేస్తయి."

ఇంద్రసేన మొహం మాడిపోయింది. "నా దగ్గర పనిజేసుకుంట నా గిరాకీనే ఖరాబ్ చేస్తవా? చెప్పింది చెయ్యి, లేకుంటె దారి పట్టు" అన్నాడు.

"పోత. జూటా పని చేసి బతుకుడు నాతోని గాదు" అన్నాడు బాబా మియా. సుత్తులు ఏరుకున్నాడు.

నేను అక్కడికక్కడే చెప్పాను, నా కారు ఈయన ఇంటికి పంపించమని. ఇంద్రసేన పంపిస్తాడా? చివరికి భాస్కరరావు ఒక రైతుని బతిమాలి ట్రాక్టరు తెప్పించాడు. పెండ్లికూతురు లెక్క ఉన్న నా ఫియట్ అల్లం బస్తాల ట్రాక్టరు వెనకాల తాడు కట్టించుకుని, రైల్వే గేటు దాటి, బాబా మియా ఉండే బస్తీకి వెళ్లింది. ఆయన భార్య ఉమ్రావ్ బేగం మేకల్ని కట్టేసే రేకుల పందిరి దానికి షెడ్డయింది. మేకలు వంటింటి వాకిట్లోకి వచ్చాయి. ఆవిడ ఆ సంగతి రోజుకోసారి గుర్తుచేసేది, ఆయనకీ, నాకూ.

ఇంద్రసేన ఊరుకునే మనిషి కాదు. హైవే పొడుగునా ప్రతి గ్యారేజీలోనూ చెప్పాడు. బాబా మియాకి చేతులు వణుకుతున్నాయన్నాడు, పని చేతకాక ఆ అమ్మని రెచ్చగొట్టి బండి లాక్కుపోయాడన్నాడు, చూస్తూ ఉండండి, తానూ పుట్టీయే రుద్దుతాడన్నాడు. చల్లటి గదిలో కూర్చుని చెప్పిన మాటకి విలువెక్కువ. సొట్ట పడితే చాలు బాబా మియా అని పరుగెత్తుకొచ్చే గ్యారేజీల వాళ్లు పిలవడం మానేశారు. ఎదురుపడితే సలాం కూడా తగ్గించారు. ఇన్నేళ్లు ఆయన చేతి పని మీద బతికినవాళ్లే!

"మీరు వెళ్లి అందరికీ నిజం చెప్పొచ్చు కదా?" అన్నాను.

"నోటితోని చెప్తె ఎవడింటడమ్మా? ఈ బండి రోడ్డెక్కిన్నాడు అదే చెప్తది. నా నామ్ గీ బండి మీదనే ఉన్నది. ఇది నిలబడ్తె నేను నిలబడ్త. లేకుంటె సుత్తి ముట్ట."

పుట్టీ అంతా చెక్కేశాడు. పందిరి కింద తెల్లటి పొడి గుట్టలు పడింది. నా పెండ్లికూతురి కింద ఎన్ని కంతలున్నాయో అప్పుడు చూశాను. తుప్పు తిన్నంత మేరా కోసేసి, కొత్త రేకుని సుత్తితో వంపు తిప్పి అతికాడు. అతుకుల దగ్గర మిగిలే పల్లాలు నింపాలి కదా, అందరూ అక్కడే పుట్టీ పెడతారు. బాబా మియా కళాయి పోశాడు.

వాళ్ల నాన్న రాయికోడ్, ఝరాసంగం ఊళ్ల మీద తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాడట. స్టీలు గిన్నెలొచ్చి ఆ పని పోయింది. కొడుకు దాన్ని కార్ల మీదికి తెచ్చుకున్నాడు. రేకు వేడిచేసి, నవాసాగరం చల్లి, గుప్పున పొగ లేవగానే దూదితో తుడిచి, దాని మీద తగరం కరిగించేవాడు. అది వెన్నలా మెత్తబడగానే చెక్క గరిటెతో అద్ది నునుపు చేసేవాడు. ఆ గరిటె ఉమ్రావ్ బేగం హలీమ్ తిప్పేది. "నా గరిటె పాయె, నా మేకల జాగ పాయె. ఇగ నన్ను గూడ కరిగించి పొయ్యి" అని ఆవిడ అరిచేది. ఆయన తల ఎత్తకుండా, "నువ్వు కరుగుతవా?" అనేవాడు.

కారు దసరాకి తయారైంది. దసరా నాడు హైవే పక్కన మెకానిక్కులందరూ తాము బాగుచేసిన బండ్లని వరసగా నిలబెట్టి పూజ చేయించడం ఇక్కడి అలవాటు. అందులో మతం పట్టింపు లేదు. టైర్ల కొట్టు యాకోబు కొబ్బరికాయలు తెస్తాడు, ముస్లిం పెయింటర్లు బంతిపూల దండలు కడతారు. ఏ బండి ఎవరి చేతిదో ఆ రోజు ఊరంతా చూసుకుంటుంది. వచ్చే ఏడాది పనులన్నీ ఆ చూపుతోనే కుదురుతాయి. అందుకే బాబా మియా నా కారుని అక్కడికే తెచ్చాడు. భాస్కరరావు నడిపాడు, ముందు సీట్లో ఉమ్రావ్ బేగం దర్జాగా కూర్చుంది. వెనక నేనూ, బాబా మియా. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు.

జనం మూగారు. బాగుందంటే బాగుందన్నారు. పాత గ్యారేజీల వాళ్లు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి సలాం పెడుతున్నారు. అప్పుడొచ్చాడు ఇంద్రసేన, పట్టు అంగీ వేసుకుని. జేబులోంచి అయస్కాంతం తీశాడు.

"నీ పరీచ్చనే గద బాబా మియా! అందరం చూస్తం" అని వెనక చక్రం మీద ఆనించి వదిలేశాడు.

అది జారి కింద పడింది.

నవ్వులు మొదలయ్యాయి. "పుట్టీనే! ఈడు గూడ పుట్టీనే రుద్దిండు!" అని ఎవరో అరిచారు. బాబా మియా మొహం పాలిపోయింది. అతుకు మీద అంత మందాన తగరం పోస్తే అయస్కాంతం పట్టదు. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. కానీ ఆ పరీక్ష అందరికీ నేర్పిందీ ఆయనే, అది తన మీదికే వస్తుందని తోచందీ ఆయనకే.

"అది పుట్టీ గాదు, కళాయి. తగరం. తగరాన్ని అయస్కాంతం పట్టది" అన్నాడు.

"అట్లనా! మేం పోస్తె పుట్టీ, నువ్వు పోస్తె తగరమా?" అన్నాడు ఇంద్రసేన. మళ్లీ నవ్వారు.

నేను అరిచాను. భాస్కరరావు, ఇంజనీరు, తగరం గురించి చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. బాబా మియా నావైపు తిరిగాడు. "అమ్మా, బండి మీది. జర గీకుత. ఇజాజత్ ఇయ్యుండ్రి" అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా వినడం నాకదే మొదలు. తల ఊపడం తప్ప ఏం చేయను?

యాకోబు కొట్లోంచి గీకుడు రేకు, మంట పెట్టే దీపం తెచ్చుకున్నాడు. అన్నాళ్లు రేగుమాలు కాగితంతో రుద్ది రుద్ది నునుపు చేసిన రంగుని తన చేత్తోనే గీశాడు. ఆ చప్పుడు నా పళ్లలో దిగింది. ఉమ్రావ్ బేగం మొహం అటు తిప్పేసుకుంది. అరచేతి మేర తెల్లగా, వెండిలా మెరిసింది. దీపం దగ్గరికి పెట్టాడు. పుట్టీ అయితే నల్లగా మాడి కంపు కొట్టాలి. ఇది చెమర్చి, ఒక బొట్టయి, నేల మీద పడి గట్టిపడింది. యాకోబు దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని, "తగరమే" అన్నాడు.

"అచ్ఛా, మంచిదే మంచిదే" అన్నాడు ఇంద్రసేన. అయస్కాంతం జేబులో వేసుకున్నాడు. అంతే. నవ్వినవాళ్లు తప్పయిందనలేదు. ప్రసాదం పంచుతున్నారంటే అటు వెళ్లిపోయారు.

నేను వదల్లేదు. మా కారు పక్కనే ఇంద్రసేన షెడ్డు బండ్లు దండలేసుకుని మెరుస్తున్నాయి. "ఆ అయస్కాంతం ఇలా ఇవ్వండి. మీ బండ్ల మీదా పెడదాం" అన్నాను.

"పండుగ పూట ఎందుకమ్మా లొల్లి" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు కూడా అదే అన్నారు. పండుగ పూట వద్దమ్మా, పోనీయుండ్రి అన్నారు. నా కారు గీకేటప్పుడు అది పండుగ పూట కాదు కాబోలు!

ఆ మచ్చని అలాగే ఉంచేద్దాం, చూసినవాళ్లకి సిగ్గొస్తుంది అన్నాను బాబా మియాతో. ఆయన ఒప్పుకోలేదు. "అంచులకు తుప్పొస్తదమ్మా" అని మర్నాడే రంగు వేశాడు. ఎంత కలిపినా అచ్చం అదే రంగు రాలేదు. ఎండ పడితే అరచేయంత మేర ఇంకా తేడా కనబడుతుంది.

పనులు మళ్లీ వస్తున్నాయి, రావడం లేదనను. మేకల పందిరి కింద ఎప్పుడూ ఏదో ఒక బండి ఉంటోంది. కానీ మొన్న నేను వెళ్లినప్పుడు ఒకాయన తన కారు తీసుకుపోవడానికొచ్చి, కొత్తగా రంగు వేసిన తలుపు చూపించి, "ఓసారి గీకి చూపెట్టు బాబా మియా, కళాయే గద?" అన్నాడు. వచ్చినవాళ్లందరూ అలాగే అడుగుతారని ఉమ్రావ్ బేగం చెప్పింది. అంత దురుసు నోటి మనిషి బాబా మియా, కసరకుండా గీకుడు రేకు అందుకున్నాడు.

అక్కడ హైవే మీద ఇంద్రసేన షెడ్డులో అద్దాల తలుపు వెనక జనం టీ తాగుతూ కూర్చునుంటారు. వాళ్లలో ఏ ఒక్కరూ, ఏ ఒక్క బండినీ, ఇంతవరకూ గీకి చూపించమని అడగలేదు.