నా నంబరు మీద అతని పరుగు

హైదరాబాద్‌లో జరిగిన ఆ మారథాన్‌ను మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాల్లో పూర్తి చేసింది నేను కాదు. నా నంబరు ఛాతీకి పెట్టుకుని మరొకతను పూర్తి చేశాడు. ఆ టైమ్‌తోనే నాకు విదేశంలో పరిగెత్తే అవకాశం వచ్చింది. చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పినప్పుడు, ఆఫీసులో శాలువా కప్పినప్పుడు, పేపర్లో ఫోటో పడినప్పుడు ఈ ఒక్క మాట నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అబద్ధమాడినట్టు కాదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాది కాజీపేటలో రైల్వే ఆఫీసు గుమాస్తా ఉద్యోగం. నలభై దాటాక షుగరు వచ్చేలా ఉందని డాక్టరు హెచ్చరిస్తే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టాను. నడక పరుగయింది. యాభై దగ్గర పడేసరికి పరుగు తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది.

అతను రఘునాథపల్లి వైపు ఊరివాడు, నాకంటే ఐదేళ్ళు చిన్న, మా సెక్షన్‌లో కీమ్యాన్. భుజాన సుత్తి, పానా వేసుకుని, పట్టాలను వాటి కింద అడ్డంగా వేసిన స్లీపర్లకు పట్టి ఉంచే బిగింపులు ఎక్కడైనా ఊడాయేమో చూసుకుంటూ రోజూ తన వంతు లైను మొత్తం నడిచి వచ్చే మనిషి. ఒకసారి సెలవు కాగితం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చి, నా బల్ల కింద బూట్లు చూశాడు.

"గీ బూట్లేస్కొని యాడికి ఉరుకుతవన్నా?"

"కట్ట మీద. నువ్వు కూడ రారాదు."

ఆ ఆదివారం చర్చికి టైమ్ కాకముందే డ్యూటీ బూట్లతోనే కట్ట మీదికి వచ్చాడు. మూడో చుట్టు దాకా నా పక్కనే ఉండి, "అన్నా, జర ముందుకు పోయొస్త" అని వెళ్ళిపోయాడు. నేను నాలుగో చుట్టు ముగించేసరికి కట్ట గోడ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

నాకు విదేశపు మారథాన్ మీద కోరిక పుట్టింది ఆ తర్వాతే. ఐరోపాలో ఒక నగరంలో జరిగే పెద్ద పరుగు అది. మా వయసువాళ్ళు మూడున్నర గంటల లోపు పరిగెత్తినట్టు ఎక్కడో ఒకచోట రుజువు ఉంటేనే రానిస్తారు. ఆ రుజువు కోసం హైదరాబాద్ పరుగుకు పేరు ఇచ్చాను. తోడుంటాడని అతని పేరు కూడా ఇప్పించాను.

రెండు వారాల ముందు నా పిక్క పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ ఉదయం అందరూ వరుసల్లో నిలబడుతుంటే అతన్ని నీళ్ళ ట్యాంకరు వెనక్కి తీసుకెళ్ళాను.

"తమ్మీ, కాలు పనిచేసేటట్టు లేదు."

"ఫికరెందుకన్నా, మెల్లగ ఉరుకు."

"మెల్లగ ఉరికితే టైమ్ రాదు. మళ్ళ ఏడాది ఆగాలె." చుట్టూ ఎవరూ లేరని చూసి అన్నాను. "నా నంబర్ నువ్వు పెట్టుకో. నీది నాకియ్యి. నీకు టైమ్‌తోని పనేముంది? పాస్‌పోర్ట్ కూడ లేదాయె."

ఆలోచన అతనిదేనేమో అని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కాదు, నాదే. నంబర్లు మార్చుకుందామన్న మాటలన్నీ నావే.

అతను కాసేపు తన బూట్ల వంక చూసుకున్నాడు. "పాస్‌పోర్ట్ లేదు గనీ కాళ్ళున్నయి గదన్నా" అని నవ్వి, పిన్నులు పెదాల మధ్య పట్టుకుని తన నంబరు ఊడదీశాడు. టైమ్ లెక్కకట్టే చిప్ నంబరు కాగితం వెనకే అతికించి ఉంటుంది. కాగితం ఎవరి ఛాతీ మీద ఉన్నా, టైమ్ ఆ నంబరు ఎవరిదో వాళ్ళ పేరుకే పడుతుంది.

అతను నా పేరుతో మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాల్లో వచ్చాడు. నేను అతని పేరుతో కుంటుతూ, ఐదు గంటల పన్నెండు నిమిషాలకు వచ్చాను. మళ్ళీ అదే ట్యాంకరు వెనక నంబర్లు మార్చుకున్నాం. అతను తన మెడలోని పతకం కూడా తీసి ఇవ్వబోతే, "పతకాలన్నీ ఒక్క తీరే, ఉండనియ్యి" అన్నాను. పెద్ద మనసు చూపించినట్టే అనిపించింది.

మా సంఘంలో ఎవరికి మేలు జరిగినా ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఉద్యోగం వచ్చినా, జ్వరం తగ్గినా చెబుతారు. విదేశం నుంచి పిలుపు వచ్చాక పాస్టరు గారు నన్ను లేపారు. బలహీనుడనైన నన్ను దేవుడు బలపరిచి ఆ టైమ్ ఇప్పించాడని మైకులో చెప్పాను. స్తోత్రం, స్తోత్రం అన్నారు. భోజనానికి పిలిచాను కాబట్టి అతను కూడా వచ్చి, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా వెనక కూర్చున్నాడు. విన్నాడు. చేతులు కడుక్కునే చోట నన్ను కలిసి, "మంచిగ చెప్పినవన్నా" అన్నాడు. అందులో వెక్కిరింత కోసం వెతికాను. కనిపించలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అంది: "అంతసేపు చెప్పిండ్రు. రోజు మీతోని ఉరికెటాయన పేరు ఒక్కసారి గూడ తియ్యకపోతిరి."

"యాదికి రాలే" అన్నాను.

అసలు కీడు అక్కడ జరగలేదు, పట్టాల మీద జరిగింది. ఐదు గంటల పన్నెండు నిమిషాల సంగతి అతని గ్యాంగుకు తెలిసింది. పొద్దున హాజరు వేసుకునే టూల్ రూమ్ దగ్గర అతనికి 'ప్యాసింజర్' అని పేరు పడింది. "రోజు లైనంత నడిసెటోనివి, పట్నం పోంగనే సిగ్నల్ పడలేదారా?" అని అడిగేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ చలికాలంలో రైల్వే ఉద్యోగుల పరుగు జట్టుకు మనుషులను తీసుకున్నారు. అతను పేరు ఇచ్చాడు. ఆ కాగితాలు నా బల్ల మీదుగానే పోయాయి. అతని పేరు ఎదురుగా '5:12' అని రాసి, ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉంది. దాన్ని చూసి, పై కాగితంతో కలిపి పిన్ను కొట్టి పంపించాను. నేను చేసినవాటిలో ఇదే అన్నిటికన్నా హీనమైనది.

ఆ సాయంత్రమే ఒక పట్టుదల పట్టాను. మూడున్నర లోపు టైమ్‌ను నా కాళ్ళతో నేనే తెస్తాను. అక్కడ తెస్తే ఇక్కడి అబద్ధం నిజమైపోతుంది. ఇంకో దారి కూడా ఉందని, అది ఒక్క వాక్యం పొడవేనని తెలుసు. నాకు నలభై రెండు కిలోమీటర్లే సులువనిపించింది.

నాకు పరుగు నేర్పింది కూడా అతనే. ఎందుకు ఒప్పుకున్నాడో అడగలేదు. అడిగితే మిగతా మాటలు కూడా మాట్లాడాల్సి వస్తుంది. అతని వారపు సెలవు రోజున కాజీపేట నుంచి హైవే పక్కన రఘునాథపల్లి దారి పట్టేవాళ్ళం. నా అడుగు పెద్దదని, అందుకే పిక్క పడుతోందని మొదటి రోజే చెప్పాడు.

"స్లీపర్ల మీద నడిసినట్టు ఉరుకాలెనన్నా. స్లీపర్ నీకోసం జరగదు. నీ అడుగే దానికి సరిపోవాలె. చిన్నగెయ్యి, ఆపకు."

"ఎంతసేపు?"

"లైను అయిపోయేదాంక."

డిసెంబరు చలిలో, ఫిబ్రవరి మంచులో, మార్చి ఎండ ముదరకముందే వెలుతురుతో పాటు లేచి పరిగెత్తాను. గోరు ఊడింది. ఏడు కిలోలు తగ్గాను. అన్నం తగ్గించి జొన్నరొట్టె తిన్నాను. మా ఆవిడ ప్యాంట్లన్నీ నడుము దగ్గర బిగించి కుట్టింది. ఒక ముప్పై కిలోమీటర్ల రోజున నేను రోడ్డు పక్కన కూలబడితే, అతను పక్కనే గొంతుక్కూర్చుని, "ప్యాసింజర్ బండి గూడ ఇంతసేపు ఆగదన్నా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నా నవ్వు మధ్యలో ఆగిపోయింది. అతను చూశాడు, లేచి నాకు చెయ్యి అందించాడు.

వీసా కాగితాలకు రేసువాళ్ళు పంపిన ఆహ్వాన లేఖ జతచేశాను. అందులో నా పేరు కింద అతని టైమ్ అచ్చయి ఉంది. ఏప్రిల్‌లో బయలుదేరాను. కాజీపేట ప్లాట్‌ఫారం మీదికి అతను డ్యూటీ మధ్యలోనే నారింజ రంగు జాకెట్‌తో వచ్చి, పుట్నాలు, బెల్లం కట్టిన పొట్లం చేతిలో పెట్టాడు.

"ముప్పై దాటినంక నోట్లేస్కో. లైను సాఫ్ ఉన్నది, పోయిరా" అన్నాడు.

నాకది మొదటి విమాన ప్రయాణం. కాళ్ళు ఉబ్బుతాయని భయపడి, నిద్రపోతున్నవాళ్ళ పక్కనుంచి అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. ఆ నగరంలో దిగాక మూడు రోజులు నోరు తెరిస్తే ఆవిరి వచ్చింది. హోటల్‌లో మా ఆవిడ కట్టిన సకినాలు, కారప్పొడితో అన్నం తిన్నాను. నంబరు ఇచ్చే చోట ఒక పెద్దావిడ కాగితం చేతికిచ్చి, దాని మీది నా పేరును కూడబలుక్కుని చదివి నవ్వింది. వెనక చిప్ ఉంది. ఈసారి పిన్నులు నేనే పెట్టుకున్నాను.

పరుగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అడుగు చిన్నగా వేశాను, ఆపలేదు. రోడ్డు నున్నగా ఉన్నా నా కళ్ళకు స్లీపర్లే కనిపించాయి. ముప్పై రెండో కిలోమీటరు దగ్గర బెల్లం నోట్లో వేసుకున్నాను. ముప్పై ఎనిమిది దగ్గర పిక్క మళ్ళీ గుంజింది. కూర్చుంటే లేవనని తెలుసు. "లైను అయిపోయేదాంక" అని పైకే అనుకుంటూ పోయాను. మూడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు. చేతి గడియారాన్ని రెండుసార్లు చూసుకుని, మెట్ల మీద కూర్చుని అతనికి ఫోన్ చేశాను. కాజీపేటలో అప్పటికి సాయంత్రమైంది, డ్యూటీ దిగి ఉన్నాడు.

"ఎంతల చేసినవన్నా?"

"మూడు ఇరవై ఎనిమిది."

అతను మెల్లగా అన్నాడు: "నాకన్న నాలుగు నిమిషాలు ఎక్కువే."

ఆ పరుగు తనదని అతను అనడం అదే మొదటిసారి. ఎనిమిది నెలలు ఒక్క మాట లేదు. నేను పట్టిన పట్టుదల అంతా ఆ ఒక్క వాక్యం ముందు ఏమీ కాకుండా పోయింది. నా టైమ్ నాకు వచ్చింది, నిజమే. అతని టైమ్ మాత్రం ఇంకా నా పేరు మీదే ఉంది. నేను ఎంత పరిగెత్తినా అది అతని దగ్గరికి పోదు.

తిరిగి రాగానే అతన్ని కట్ట మీద కలిసి, అందరికీ చెప్పేస్తానన్నాను. "చెప్తే ఇద్దరం తప్పు చేసినట్టే. నీ పేరు గూడ కొట్టేస్తరు, తమ్మీ. నువ్వు వద్దంటే ఆగుత."

"నా పేరు మీద ఉన్నది ఐదు గంటల పన్నెండు నిమిషాలు. కొట్టేస్తే నాకే మంచిదన్నా" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "జట్టు లిస్టు నీ బల్ల మీదికెంచే పోయిందట గదా" అన్నాడు.

"పోయింది. చూసిన."

అతను తల ఊపి చెరువు వైపు తిరిగాడు. ఆ రోజు మేము పరిగెత్తలేదు.

రెండు రేసుల వాళ్ళకూ రాశాను. రెండు చోట్లా నా పేరు తీసేశారు. హైదరాబాద్‌లో అతనిది కూడా తీసేశారు. నేను నిజంగా పరిగెత్తిన మూడు ఇరవై ఎనిమిది ఇప్పుడు ఏ పట్టికలోనూ లేదు, ఉండకూడదు కూడా. జట్టుకు మనుషులను తీసుకునే అధికారికి కూడా కాగితం రాసిచ్చాను. వచ్చే ఏడాది అతన్ని పరిగెత్తించి చూస్తామన్నారు. ఆదివారం లేచి, పోయినసారి చెప్పిన సాక్ష్యం అబద్ధమని చెప్పాను. ఎవరో ముసలామె స్తోత్రం అంది, నలుగురు అందుకున్నారు. అప్పుడే తెలిసింది, ఇది చాలదని. సంఘంలో ఒప్పుకుంటే మెచ్చుకుంటారు. అతన్ని ప్యాసింజర్ అన్నది వీళ్ళు కాదు.

మరునాడు పొద్దున హాజరు వేళకు టూల్ రూమ్‌కు వెళ్ళాను. పదిమంది దాకా ఉన్నారు. ఆఫీసు మనిషి వచ్చాడని బీడీలు దాచారు. అతను గోడకు ఆనుకుని పానాకు నూనె రాస్తున్నాడు. ఇద్దరం నంబర్లు మార్చుకున్నామని, మూడు ఇరవై నాలుగు ఇతనిదని, ఐదు పన్నెండు నాదని, మార్చుకుందామన్నది నేనేనని చెప్పాను. జట్టు కాగితం సంగతి కూడా చెప్పాను.

వాళ్ళ పెద్దాయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, "అయితే ప్యాసింజర్ నువ్వన్నట్టు" అన్నాడు.

"నేనే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అతను సుత్తి భుజాన వేసుకుని లేచాడు. "అన్నా, జల్ది చెప్పు, లైను మీదికి పోవాలె."

అందరి ముందు అతని రెండు చేతులూ పట్టుకున్నాను. నూనె నా చేతులకు అంటింది.

"తమ్మీ, నీ పరుగు నేను దొంగిలించిన. నీకు పాస్‌పోర్ట్ లేదని, నీకు టైమ్‌తోని పని లేదని అన్న. ఆ మాట తప్పు. నీ పేరు కొట్టేసిన కాగితం చూసి గూడ నోరు మూసుకున్న. అది ఇంక పెద్ద తప్పు. నన్ను మాఫ్ చెయ్యి."