ఆ అజ్ఞాత నేనే

2009 డిసెంబరు 14, సోమవారం, రాయగడ.

ఈ బ్లాగు రాసిన మనిషి, నా మరిది, ఈ నెల మూడో తారీకు గురువారం ఉదయం పోయాడు. పెరట్లో పళ్ళు తోముకుంటూ కూలబడ్డాడు. గుండె ఆగిందన్నారు. నిన్నటితో పదకొండు రోజుల కర్మ ముగిసింది.

మొన్న శనివారం నా మనవరాలు ఆ వార్తను రెండు ముక్కల్లో ఇక్కడ పెట్టింది. ఈ ఉదయానికి దాని కింద ముప్ఫై ఎనిమిది వ్యాఖ్యలు వచ్చాయి. అన్నీ చదివాను. "మహానుభావుడు" అన్న మాట పదకొండు చోట్ల ఉంది. "ఆయన్ని నొప్పించి, రాయడం మాన్పించిన ఆ అజ్ఞాతను దేవుడు క్షమించడు" అని ఒకరు రాశారు. అందుకే ఇవాళ రాస్తున్నాను. ఆ అజ్ఞాత నేనే.

నేను అతని అన్న భార్యను, వదినను. డెబ్బై ఒక్క ఏళ్ళు. ఈ ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను. అతని ఇల్లు గోడకు అటు, మా ఇల్లు ఇటు.

తొంభైల్లో స్టేషను దారిలో మరిదికి పాటల కొట్టు ఉండేది. ఖాళీ క్యాసెట్టూ, కావలసిన పాటల చీటీ ఇచ్చి వెళితే మూడో రోజుకి నింపి ఇచ్చేవాడు. చీటీలు తెలుగులో వచ్చేవి, ఒడియాలో వచ్చేవి, తెలుగు పాటల పేర్లు ఒడియా అక్షరాల్లో రాసినవీ వచ్చేవి. జేకేపూర్ మిల్లు కాలనీ నుంచి సైకిళ్ళ మీద, నారాయణపట్న నుంచి జీపుల్లో వచ్చేవాళ్ళు. అతని దగ్గర ఒక పద్ధతి ఉండేది. పాటలన్నీ ఎక్కాక రెండో వైపు చివర మూడు నాలుగు నిమిషాల టేపు మిగిలితే ఖాళీగా ఇచ్చేవాడు కాదు. చీటీలో లేని పాట, తనకు నచ్చినది, ఒకటి వేసేవాడు. వంకాయలమ్మే ఆవిడ కొసరు వేసినట్టన్నమాట. దాని పేరే కొసరు.

నారాయణపట్న నుంచి వచ్చే ధాన్యం వ్యాపారి ఒకాయన ముందు టేపు చివరికి తిప్పుకుని కొసరు వినేవాడట. తరువాతి సంతకు మళ్ళీ కొట్టుకి వచ్చి, "బాబూ, ఆ కొసరు ఎవులు పాడేరు?" అని అడిగేవాడు. మా మరిదికి అంతకన్నా ఏం కావాలి? బేరం వదిలేసి అరగంట ఆ పాట గురించే చెప్పేవాడు. నేను కూరలకు వెళుతూ అటు నడిస్తే నన్నూ ఆపబోయేవాడు. "వదినా, ఒక్కపాలి ఇను. ఇంటే నీకే తెలుస్తాది." ఒక్కసారీ ఆగలేదు నేను.

ఒక శ్రావణ శుక్రవారం పూజకని స్తోత్రాల క్యాసెట్టు నింపించుకున్నాను. మా బడి టీచర్లందరూ పేరంటానికి వచ్చారు. మంగళహారతి అయింది. ఒక్క గుక్క నిశ్శబ్దం. ఆ వెంటనే డప్పులు, ఈలలు, గుండెలదిరే సినిమా పాట. కొసరు! నేను లేచి ఆపేలోగా వెనక కూర్చున్న ముసలమ్మ, "ఏటమ్మా, మీ అమ్మోరు డాన్సు కడతాదేటి?" అంది. అందరూ పగలబడి నవ్వారు.

ఆ మధ్యాహ్నమే క్యాసెట్టు పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. నలుగురు బేరగాళ్ళ ఎదుట, ఆ పాట చెరిపేదాకా నిలబడ్డాను. "నీ రుచులు నా ఇంట్లో రుద్దకు" అన్నాను. మరిది మీట నొక్కి, చెరుగుతున్న టేపు వంక చూడకుండా నా వంకే చూశాడు.

"తుడిసేస్తన్నాను వదినా. కానీ నిజం సెప్పు. నీ కాలు ఆడిందా నేదా?"

లేదన్నాను. ఆడింది.

2001లో అతనికి మెదడుకెక్కిన మలేరియా వచ్చింది. కొరాపుట్ ఆసుపత్రిలో తొమ్మిది రోజులు తెలివి లేదు. పదో రోజు కళ్ళు తెరిచి, "కరెంటు పోనాదేటి? ఫేను సప్పుడు నేదు" అన్నాడు. ఫ్యాను అతని నెత్తి మీద తిరుగుతోంది. తిరిగే ఫ్యానుకేసి చూశాడు, మాట్లాడుతున్న మా నోళ్ళకేసి చూశాడు. అతనికి అప్పుడే అర్థమయింది. నాకూ, అతని భార్యకూ అర్థం కావడానికి ఇంకో పూట పట్టింది.

రెండు చెవులూ పోయాయి. క్యాసెట్ల కాలం కూడా పోతోంది. కొట్టు మూసేశాడు. మనం చెప్పవలసింది రాసి చూపిస్తే చదువుకుని నోటితో జవాబు చెప్పేవాడు. దానికోసం బడి పలక ఒకటి నేనే కొనిచ్చాను. తోటికోడలు దాని మీద "బియం అయిపోయాయి" అని రాస్తే, "బియ్యం" అని దిద్ది నాలుగుసార్లు రాయించాను. మొగుడి చెవులు పోయిన నెలలో.

ఇక మీకు తెలిసిన కథ. 2007లో మా మనవరాలు కంప్యూటరు మీద అతనికి ఈ బ్లాగు పెట్టి ఇచ్చింది. "కొసరు" అని పేరు పెట్టుకున్నాడు. టపాకి ఒక పాట. అది ఎక్కడ మొదట విన్నాడో, ఎవరి క్యాసెట్టులో కొసరుగా వేశాడో, ఏ చరణం ముందు ఏ వాయిద్యం లేస్తుందో రాసేవాడు. పక్కన "నేను సదివే బ్లాగులు" అని వరస ఉంది కదా. దుబాయిలో నర్సు రాసే వంటల కబుర్లు, పాత సినిమా టిక్కెట్లు దాచుకునే ఆయన బ్లాగు, బస్సు కండక్టరు రాసుకునే ఊళ్ళ ముచ్చట్లు. వాటిలో నచ్చినవి ఇంటర్నెట్ సెంటర్లో కాగితాల మీద అచ్చు తీయించి మా తలుపు కింద తోసేవాడు. పైన పెన్సిలుతో "వదినా, ఒక్కపాలి సదువు" అని ఉండేది. చదివాను. బాగున్నాయి. బాగున్నాయని చెప్పలేదు.

మీరెవరూ గమనించని సంగతి ఒకటుంది. ఈ నూట పద్నాలుగు టపాలూ చెవులు వినబడని మనిషి రాసినవి. ఎనిమిదేళ్ళ కిందట విన్న పాటల్ని తలలో మోగించుకుని రాసినవి. ఎందుకు చెప్పలేదంటే, నేను అడిగినప్పుడు ఇలా అన్నాడు: "సెవిటోడు పాటల మీద రాస్తన్నాడంటే జాలిపడి సదువుతారు. జాలిపడీవోలు నాకొద్దు. పాట కోసం వచ్చీవోలు సాలు."

నాకు కంటగింపుగా ఉండేది. ముఖ్యంగా ఆ స. సెప్పేను, సదివేను, సిన్నప్పుడు. నా దగ్గర చదివినవాళ్ళు ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? ఒకనాడు పలక మీద "చ మీట ఎక్కడుందో తెలియదా?" అని రాశాను. చదివి నవ్వాడు. "తెల్సు వదినా. కానీ 'చెప్పేను' అని రాస్తే ఎవులో పరాయోడు మాటాడినట్టుంటాది. నా గొంతు నాకు ఇనబడీది ఇక్కడొక్కటే."

ఆ మాట తరువాతైనా ఆగవలసింది. ఆగలేదు. మా అమ్మా స అనే అనేది. నేను బడికి వెళ్ళి చ నేర్చుకున్నాను, అదే నా ఆస్తి అనుకున్నాను. ఇంకో కారణం కూడా రాయాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పిన నా మాట కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు. తప్పులతడక రాసే ఇతని కోసం ఎక్కడెక్కడివాళ్ళో ఎదురుచూసేవారు. మొత్తం నలభై ఒక్క వ్యాఖ్యలు పెట్టాను, అన్నీ తప్పులు దిద్దేవే. పేరు రాయకపోతే ఆ యంత్రం దానంతటదే "అజ్ఞాత" అని వేస్తుంది. అది నాకు సుఖంగా ఉండేది. ప్రతిదానికీ అతను జవాబు రాశాడు: "అజ్ఞాత గారికి దండాలు. తప్పు సెప్పినందుకు సంతోసం."

ఒక వారం నాకు జ్వరం వచ్చి కంప్యూటరు దగ్గరికి వెళ్ళలేదు. పథ్యం తింటుంటే పక్కన చేరి, కంచంలోకి చూస్తూ అన్నాడు:

"అజ్ఞాత గారు ఈ వారం అగుపడ్నేదు వదినా. ఒంట్లో బాగోనేదేటో పాపం."

పలక తీసుకుని "నాకేం తెలుసు" అని రాశాను.

"నీకెలా తెలుస్తాది! అయినా ఆవిడ రాకపోతే నాకు తోసదు. అంత సెరద్దగా నన్ను ఇంకెవులూ సదవరు."

ఆవిడ అన్నాడు. తెలిసే అన్నాడు. అప్పటికి నావి ఇరవై ఆరు. ఆ తరువాత ఇంకో పదిహేను పెట్టాను.

ఈ దసరా వెళ్ళిన వారం ఒక పాట గురించి రాశాడు. పేరు నేను రాయను, టపా ఇక్కడే ఉంది. రెండో చరణం ముందు మురళి లేస్తుందనీ, దానికోసమే ఆ పాట వెయ్యిసార్లు విన్నాననీ రాశాడు. సరిగ్గా ఆ పొద్దుటే రేడియోలో ఆ పాట విన్నాను. చరణం ముందు వచ్చింది వీణ. నా చెవులతో విన్నాను. వెంటనే రాశాను: "అది వేణువు కాదు, వీణ. పాట మరోసారి విని రాయండి."

మరోసారి విని రాయండి. తొమ్మిది రోజులు అతని మంచం పక్కన కూర్చున్నదాన్ని నేను.

ఆ వాక్యం కింద మీరు వచ్చారు, పందొమ్మిది మంది. "వినకుండా రాసే పండితులు ఎక్కువయ్యారు" అని ఒకరు. "అంకుల్, చెవులు శుభ్రం చేయించుకోండి" అని ఒకరు. ఆ అంకుల్ అన్నవారు మొన్న "మహానుభావుడు" అని రాసినవారిలోనూ ఉన్నారు.

ఆ రెండో రోజు మరిది పలక తనే పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు.

"వదినా, నువ్వు ఇన్నావు కదా. అది మురళా, ఈణా? నీ మాటే నాకు పెమాణం."

పలక మీద వీణ అని రాశాను. గుండ్రంగా, గుడిదీర్ఘం తప్పకుండా. చాలాసేపు ఆ రెండక్షరాలూ చూశాడు.

"అయితే ఎనిమిదేళ్ళబట్టీ నాను తప్పు పాట ఇంతన్నాను" అన్నాడు.

పలక అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఇక్కడ ఒక్క టపా కూడా రాయలేదు. కోపం కాదు. తలలో మోగేదాని మీద అతనికి నమ్మకం పోయింది. వినబడని మనిషికి అదొక్కటే మిగిలింది, దాన్నే తీసేశాను.

నవంబరు ఎనిమిది, ఆదివారం. మనవరాలు ఎక్కడినుంచో ఆ పాట పూర్తిగా తెచ్చి కంప్యూటరులో పెట్టింది. నేను విన్న ఆ పొద్దుట రేడియోవాళ్ళు వార్తల వేళ అయిందని మొదటి చరణం దగ్గరే కోసేశారు. నేను విన్నది దాని ముందు వచ్చే వీణ. రెండో చరణం ముందు మురళి లేచింది. అతను రాసినట్టే, రాసినచోటే.

"అమ్మమ్మా, మురళే కదా! సిన్నతాతకి సెప్పొద్దామా?" అంది పిల్ల లేస్తూ.

"కూర్చో అమ్మీ. నోరు మూసుకో. ఎప్పుడు చెప్పాలో నాకు తెలుసు" అన్నాను.

ఎప్పుడో నాకు తెలియలేదు. పిల్లల తప్పులు లక్ష దిద్దిన చెయ్యి, తన తప్పు దిద్దుకోవడానికి గోడ దాటలేదు. కార్తీకం వెళ్ళనీ అనుకున్నాను, జలుబు తగ్గనీ అనుకున్నాను. ఇరవై అయిదు రోజులు. దాని వల్లే పోయాడని నేను అనను, అలాంటి కథలు నమ్మను. కానీ ఆ ఇరవై అయిదు రోజులూ అతను పాట లేకుండా బతికాడు. అది నా వల్ల.

పుణ్యాత్ములైన పాఠకులారా, నన్ను దేవుడు క్షమిస్తాడో లేదో మీరు తేల్చనక్కరలేదు. జరగవలసినవి ఇవి:

1. ఆ టపాలో అతను రాసిందే ఒప్పు. మొదటి చరణం ముందు వీణ, రెండో చరణం ముందు వేణువు. నేను రాసింది తప్పు. ఈ మాటలు ఇవాళే, నా పేరుతో, ఆ టపా నెత్తిన పెట్టాలి.

2. నా నలభై ఒక్క వ్యాఖ్యలూ తీసెయ్యకూడదు. ప్రతిదాని కింద నా పేరు రాస్తాను. రెండు వేళ్ళతో కొడతాను కనుక వారం పడుతుంది.

3. పందొమ్మిది మందిలో ఇద్దరు మొన్న తమ వ్యాఖ్యలు మాయం చేసుకున్నారు. వాళ్ళు ఏం రాశారో నా దగ్గర కాగితం మీద ఉంది. తిరిగి మీరే పెట్టండి.

4. ఇక్కడ ఉన్న ఏ స నూ ఎవరూ చ చెయ్యకూడదు.

5. నన్ను అక్క వరసన "అప్పా" అని పిలిచే అతని భార్యకు ఇదేమీ ఇంకా తెలియదు. నేను అతని కోసం రోజూ ఏడుస్తున్నానని నా కాళ్ళు పడుతోంది. ఇది మీకు చేరేముందు గోడ దాటి వెళ్ళి, ప్రతి వాక్యం ఆమెకు చదివి వినిపించాలి. ఆ తరువాత ఆమె ఏమంటే అది.

6. పలక మీద మురళి అని రాసి అతనికి చూపించాలి. ఇది జరగడానికి ఇక వీలు లేనిది, అయినా వరసలో రాస్తున్నాను. ఈ నెల ఒకటో తారీకు పొద్దుట మంచు విడిచాక, మరిది ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గోడ ఇవతల నుంచి చూశాను. కుర్చీ చేతి మీద చూపుడువేలు తాళం వేస్తోంది. పల్లవి, వీణ, చరణం, మళ్ళీ పల్లవి. లెక్కపెట్టాను, ఏ పాటో తెలిసిపోయింది. రెండో చరణం ముందు వేలు పైకి లేచి ఆగింది. కాసేపు చూసి, దించి, పల్లవి నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు. అక్కడికే వచ్చి ఆగాడు. మూడోసారి కూడా వేలు అక్కడే లేచి, ఎండలో, గాలిలో, ఎటు వాలాలో తెలియక నిలబడింది.